400 హార్స్‌పవర్ ట్రక్కు, 35 హార్స్‌పవర్ పని

ఫోర్డ్ ఎఫ్-150, షెవర్లే సిల్వరాడో, రామ్ 1500, టయోటా టండ్రా వంటి ఫుల్ సైజ్ పికప్ ట్రక్కుల్లో ఈనాడు 400 హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా శక్తినిచ్చే ఇంజన్లు మామూలైపోయాయి. అలాంటి ట్రక్కు టెక్సాస్‌లో చదునైన హైవే మీద, వెనక తొట్టి ఖాళీగా, గంటకు 65 మైళ్ల (దాదాపు 105 కిలోమీటర్ల) నిలకడ వేగంతో వెళుతున్నప్పుడు అందులో ఎంత శక్తి నిజంగా ఖర్చవుతుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. బరువు 2,300 కిలోలు, గాలికి ఎదురునిలిచే ముందు భాగం వైశాల్యం 3.3 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం (ఆకారం గాలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.40 అనుకుంటే, గాలిని తోసుకుంటూ పోవడానికి సుమారు 26 హార్స్‌పవర్, టైర్లు దొర్లడంలో పోయే శక్తికి మరో 9 హార్స్‌పవర్ కావాలి. అంటే మొత్తం 35. ఇంజన్ సామర్థ్యంలో పదో వంతు కూడా కాదు.

ట్రక్కు మైలేజీ, శక్తి రెండూ పెంచుకోవాలనుకునే వారు ముందుగా ఈ అంకెను మనసులో ఉంచుకోవాలని నా ఉద్దేశం. హార్స్‌పవర్ అనేది యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినప్పుడు ఇంజన్ ఒక నిమిషంలో ఎంత గాలిని లోపలికి తీసుకుని, దానికి తగిన పెట్రోలును ఎంత బాగా మండించగలదన్న దాన్ని బట్టి ఉంటుంది. మైలేజీ అనేది ఆ 35 హార్స్‌పవర్ పనిని ఇంజన్ ఎంత పొదుపుగా చేస్తుందన్న దాన్ని బట్టీ, ఆ 35 అన్న అంకెనే ఎంత తగ్గించగలమన్న దాన్ని బట్టీ ఉంటుంది. మొదటిది ఇంజన్ శిఖరం మీద తేలే విషయం, రెండోది దాని అడుగున తేలే విషయం. ఒకదాన్ని పెంచే పని రెండోదాన్ని కదిలించకపోవచ్చు, ఒక్కోసారి దెబ్బతీయవచ్చు కూడా.

ఒక గ్యాలను (3.785 లీటర్ల) పెట్రోలులో దాదాపు 33.7 కిలోవాట్-గంటల శక్తి ఉంటుంది. మన ట్రక్కు గ్యాలనుకు 20 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 8.5 కిలోమీటర్లు ఇస్తోందనుకుంటే, 65 మైళ్ల వేగంలో గంటకు 3.25 గ్యాలన్లు తాగుతుంది. ఆ ఇంధనంలోని శక్తిలో చక్రాలకు చేరేది నాలుగో వంతు కన్నా కొంచెం తక్కువే. మిగిలినదంతా ప్రధానంగా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా బయటికి పోతుంది. ఈ నష్టంలో కొంత భాగం ప్రకృతి నియమం, దాన్ని ఎవరూ తప్పించలేరు. కానీ మరికొంత కేవలం పెద్ద ఇంజన్‌తో చిన్న పని చేయించడం వల్ల కలిగేది.

పెట్రోలు ఇంజన్‌లో శక్తిని తగ్గించాలంటే గాలిని తగ్గించాలి. అందుకోసం గాలి వచ్చే దారిలో థ్రాటిల్ అనే పలకను దాదాపుగా మూసి ఉంచుతారు. సూది లేని సిరంజి మూతిని వేలితో సగం మూసి లోపలి కడ్డీని వెనక్కి లాగితే చేతికి తెలిసే బిగువే ఇక్కడ పిస్టన్‌కూ ఎదురవుతుంది. పిస్టన్ కిందికి దిగే ప్రతిసారీ ఆ లోటు పీడనాన్ని లాగడానికి ఇంజన్ తన సొంత శక్తినే వెచ్చిస్తుంది. దీన్ని పంపింగ్ నష్టం అంటారు. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ 35 హార్స్‌పవర్ పని చేస్తున్నప్పుడు ఎనిమిది సిలిండర్లూ ఈ బిగువును భరించాల్సిందే. గత పాతికేళ్లలో ట్రక్కు ఇంజన్లలో వచ్చిన ముఖ్యమైన మార్పుల్లో చాలా భాగం ఈ ఒక్క ఇబ్బందిని తప్పించడానికి పుట్టినవే.

జనరల్ మోటార్స్ వారి 5.3 లీటర్ల వి-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ దీనికి చక్కని ఉదాహరణ. 1999 సిల్వరాడోలో అది 270 హార్స్‌పవర్ ఇచ్చేది, కంప్రెషన్ నిష్పత్తి (గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 9.5. 2014 మోడల్‌కు వచ్చేసరికి అంతే పరిమాణం గల ఇంజన్ 355 హార్స్‌పవర్ ఇవ్వసాగింది, కంప్రెషన్ నిష్పత్తి 11 అయింది. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే అధిక పీడనంతో చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇందులో కీలకమైనది. ఆ సన్నని తుంపర లోపల ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన మిశ్రమం మరింత గట్టిగా నొక్కినా తనంతట తాను అంటుకోదు. మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కి మండించిన కొద్దీ అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని వస్తుంది. కంప్రెషన్‌ను పెంచడం శిఖరం మీదా అడుగునా ఒకేసారి లాభం చేకూర్చే కొద్ది పద్ధతుల్లో ఒకటి కాబట్టి ఇంజనీర్లు ఒక్కొక్క దశాంశం కోసం అంత శ్రమ పడతారు.

ఆ ఇంజన్‌లోనే రెండో ఉపాయం సిలిండర్లను విశ్రాంతిలో ఉంచడం. హైవే మీద నిలకడగా వెళుతున్నప్పుడు ఎనిమిదింటిలో నాలుగు సిలిండర్ల కవాటాలు తెరుచుకోకుండా ఆగిపోతాయి. కవాటాలను ఎత్తే లిఫ్టర్లలోని చిన్న పిన్నులను ఆయిల్ పీడనంతో జరపడం వల్ల ఇది సాధ్యమవుతుంది. మిగతా నాలుగు సిలిండర్లు రెట్టింపు భారం మోయాల్సి వస్తుంది కాబట్టి థ్రాటిల్ మరింత తెరుచుకుంటుంది, పంపింగ్ నష్టం తగ్గుతుంది. మూతబడిన సిలిండర్లలో చిక్కుకున్న వాయువు స్ప్రింగులా నొక్కుకుని మళ్లీ విచ్చుకుంటుంది కనుక అక్కడ పోయేది చాలా తక్కువ. 2019 సిల్వరాడోలో ఈ పద్ధతి ఇంకా ముందుకు వెళ్లింది. ఏ సిలిండర్లు మండాలో కంప్యూటర్ సెకనుకు 80 సార్లు నిర్ణయిస్తూ 17 రకాల వరసల్లో వాటిని నడిపిస్తుంది. ఈ ఏర్పాటు మొత్తం ఆయిల్ మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఇలాంటి ఇంజన్ ఉన్న ట్రక్కులో సరైన గ్రేడు ఆయిల్‌ను వేళకు మార్చడం వేలకొద్దీ డాలర్ల హంగుల కన్నా విలువైన పని అని నేను గట్టిగా చెబుతాను.

ఫోర్డ్ మరో దారి పట్టింది. ఇంజన్‌నే చిన్నది చేసి, శక్తి కావలసినప్పుడు మాత్రమే టర్బోచార్జర్లతో గాలిని లోపలికి కుక్కడం ఆ దారి. 2011 ఎఫ్-150లో వచ్చిన 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఎకోబూస్ట్ ఇంజన్ 365 హార్స్‌పవర్, 420 పౌండ్-అడుగుల టార్క్ (ఇరుసును తిప్పే బలం) ఇచ్చింది. అదే ట్రక్కులోని 5 లీటర్ల వి-8 ఇచ్చింది 360 హార్స్‌పవర్, 380 పౌండ్-అడుగులు. టయోటా కూడా 2022లో తన 5.7 లీటర్ల వి-8ను విడిచిపెట్టి రెండు టర్బోలున్న ఆరు సిలిండర్ల ఇంజన్‌కు మారింది. హార్స్‌పవర్ 381 నుంచి 389కే పెరిగినా టార్క్ 401 నుంచి 479కి పెరిగింది. వెనక చక్రాలతో నడిచే టండ్రాకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇచ్చే ఉమ్మడి మైలేజీ గ్యాలనుకు 15 మైళ్ల నుంచి 20కి చేరింది.

అయితే టర్బో ఇంజన్ పొదుపు దాన్ని తేలిగ్గా నడిపినంత సేపే. నాలుగు టన్నుల ట్రైలర్‌ను కట్టుకుని ఎత్తైన దారి ఎక్కుతుంటే టర్బోలు నిరంతరం పనిచేస్తాయి. లోపలి వేడిని అదుపులో ఉంచడానికి కంప్యూటర్ అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతుంది. అప్పుడు చిన్న ఇంజన్‌కున్న పొదుపు దాదాపుగా కనుమరుగవుతుంది. రోజూ బరువులు లాగేవారికీ, వారానికోసారి మాత్రమే లాగేవారికీ ఒకే ఇంజన్ సరైనది కాకపోవడానికి కారణం ఇదే.

బరువు, గేర్లు, మోటారు గురించి కూడా కొంత చెప్పాలి. 2015లో ఎఫ్-150 బాడీని ఉక్కు బదులు అల్యూమినియంతో చేసి ట్రక్కును 700 పౌండ్ల దాకా, అంటే దాదాపు 318 కిలోలు తేలిక చేశారు. 2017లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించిన పది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చింది. ఇంజన్‌ను నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేలా, ఎక్కువ భారంలో ఉంచడం దాని ప్రయోజనం. 2021లో వచ్చిన హైబ్రిడ్ ఎఫ్-150 ఇంకా ఆసక్తికరం. 3.5 లీటర్ల ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య 35 కిలోవాట్ల మోటారును చేర్చగా శక్తి 430 హార్స్‌పవర్ అయింది. నాలుగు చక్రాలతో నడిచే రకంలో హైబ్రిడ్ కానిదానికి నగరంలో 18, హైవేలో 23 మైళ్లు వస్తే, హైబ్రిడ్‌కు రెండు చోట్లా 24 వచ్చింది. నగరంలో బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తి బ్యాటరీకి చేరుతుంది కాబట్టి అక్కడ పెద్ద లాభం. హైవే మీద తిరిగి పట్టుకోవడానికి బ్రేకుల శక్తే ఉండదు. అక్కడ శత్రువు గాలి, దాని ముందు మోటారుకు చేయగలిగింది పెద్దగా లేదు.

గాలి నిరోధానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. మొదట కట్టిన లెక్కనే గంటకు 75 మైళ్లకు మార్చి చూస్తే గాలికి 40, టైర్లకు 10, మొత్తం 50 హార్స్‌పవర్ అవుతుంది. వేగం పెరిగింది 15 శాతమే, శక్తి అవసరం మాత్రం 40 శాతం పైగా పెరిగింది. గంట ప్రకారం కాకుండా మైలు ప్రకారం చూసినా ఖర్చయ్యే పని పాతిక శాతం ఎక్కువ. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు పోయే దారిలో 240 మైళ్లను 75 బదులు 65 వేగంతో వెళితే ప్రయాణం అరగంట పెరుగుతుంది, పెట్రోలు మాత్రం రెండు గ్యాలన్ల వరకు మిగలవచ్చు. దుకాణంలో దొరికే ఏ పరికరమూ ఇంత పొదుపు ఇవ్వదు.

వెనక తొట్టి తలుపును దించి నడిపితే గాలి సాఫీగా పోతుందని చాలామంది నమ్ముతారు. గాలి సొరంగాల్లో చేసిన పరీక్షలు దీనికి విరుద్ధంగా చెప్పాయి. తలుపు మూసి ఉన్నప్పుడు క్యాబిన్ వెనక తొట్టిలో గాలి ఒక సుడిగా తిరుగుతూ నిలబడిపోతుంది. పైనుంచి వచ్చే ప్రవాహం ఆ సుడి మీదుగా జారి తలుపును దాటిపోతుంది. తలుపు దించితే ఆ సుడి చెదిరిపోయి, ట్రక్కును వెనక్కి లాగే అల్పపీడనం పెరుగుతుంది. తొట్టి మీద చదునైన మూత వేస్తే మాత్రం నిరోధం కొద్ది శాతం తగ్గుతుంది. టైర్లలో గాలి ఒక్కో పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు పీడనం) తగ్గితే మైలేజీ సగటున 0.2 శాతం పడిపోతుంది. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు చట్రం మీద అంటించిన పట్టీని చూసి తెలుసుకోవాలి. టైరు పక్కన అచ్చేసి ఉండేది గరిష్ఠ పరిమితి మాత్రమే.

మార్కెట్లో అమ్మే విడిభాగాల సంగతికి వస్తే, గాలి ఫిల్టర్‌తో మొదలుపెట్టడం మంచిది. మూసుకుపోయిన ఫిల్టర్ మైలేజీని తినేస్తుందన్న మాట కార్బురేటర్ కాలంలో నిజం. 2009లో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఆధునిక ఇంజెక్షన్ కార్ల మీద చేసిన పరిశీలనలో ఫిల్టర్ మురికి వల్ల వేగం పుంజుకోవడం మందగించింది కానీ మైలేజీ పెద్దగా మారలేదు. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూస్తుండగా కంప్యూటర్ ఎంత గాలి వస్తే అంతకు తగిన పెట్రోలే, అంటే బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు చొప్పున కలుపుతుంది. థ్రాటిల్ ఎలాగూ సగానికి పైగా మూసి ఉన్న దశలో దాని ముందున్న ఫిల్టర్ ఎంత విశాలంగా ఉన్నా ఒరిగేదేమీ లేదు. బయటి చల్లని గాలిని తెచ్చే గొట్టాల విషయమూ ఇంతే. గాలి పది డిగ్రీల సెల్సియస్ చల్లబడితే దాని సాంద్రత మూడు శాతానికి పైగా పెరుగుతుంది, యాక్సిలరేటర్ అడుగంటినప్పుడు శక్తి కూడా ఆ మేరకు పెరగవచ్చు. నిలకడ ప్రయాణంలో మాత్రం చిక్కని గాలిని ఆపడానికి థ్రాటిల్ ఇంకొంచెం మూసుకోవాల్సి వస్తుంది కనుక మైలేజీకి మేలు జరగదు. సైలెన్సర్ మార్పు శబ్దాన్ని పెంచుతుంది, శిఖరం దగ్గర కొద్ది హార్స్‌పవర్ ఇవ్వవచ్చు. ఇంధనాన్ని ఆదా చేస్తాయని చెప్పుకునే పరికరాలను పర్యావరణ పరిరక్షణ సంస్థ వందకు పైగా పరిశీలించడమో పరీక్షించడమో చేసింది. మైలేజీని గణనీయంగా పెంచినది ఒక్కటీ తేలలేదు.

కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను మార్చే ట్యూనింగ్ మాత్రం, ముఖ్యంగా టర్బో ఇంజన్లలో, హార్స్‌పవర్‌ను నిజంగానే పెంచుతుంది. గాలి పీడనం పెంచితే గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే శక్తి పెరుగుతుంది. దానికి సాధారణంగా ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు (గట్టిగా నొక్కినా తనంతట తాను అంటుకోనిది) కావాలి, గేర్‌బాక్స్ మీద భారం పడుతుంది, వారంటీ పోవచ్చు. కాలుష్య నియంత్రణను దెబ్బతీసే ట్యూనింగ్, పొగలోని విషవాయువులను తగ్గించే ఉత్ప్రేరక కన్వర్టర్‌ను తీసివేయడం అమెరికా స్వచ్ఛ వాయు చట్టానికి విరుద్ధం. ఎవరో పీల్చే గాలిని పణంగా పెట్టి సంపాదించే 30 హార్స్‌పవర్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.

ట్రక్కును ఎత్తు చేసి పెద్ద టైర్లు తొడిగించుకోవడం మరో వేడుక. 32 అంగుళాల టైర్ల స్థానంలో 35 అంగుళాలవి వేస్తే ట్రక్కు కింద గాలి చిక్కుకుంటుంది, చక్రాల బరువు పెరుగుతుంది, గేర్ల నిష్పత్తి 9 శాతం పైగా మారి వేగం పుంజుకోవడం మందగిస్తుంది. దీంతోపాటు కొలతలో ఒక మెలిక కూడా వస్తుంది. చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతున్నా, సరిచేయని ఓడోమీటర్ పాత టైరు లెక్కనే వేస్తుంది. నిజంగా 109 మైళ్లు తిరిగితే అది 100 అనే చూపిస్తుంది. కాబట్టి పెద్ద టైర్లు వేశాక కనిపించే మైలేజీ పతనంలో కొంత భాగం కేవలం లెక్క తప్పే. ఏ మార్పు చేసినా దాని ఫలితం తేల్చుకోవాలంటే ముందు ఓడోమీటర్‌ను హైవే మైలురాళ్లతోనో జీపీఎస్‌తోనో సరిచూసుకోవాలి. తర్వాత ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పంపు తనంతట తాను ఆగే మొదటి క్లిక్ దగ్గరే ఆపుతూ కనీసం నాలుగైదు ట్యాంకులు నింపి, తిరిగిన మైళ్లను పోసిన గ్యాలన్లతో భాగించాలి. అదీ మార్పుకు ముందూ తర్వాతా, ఒకే దారిలో, ఒకే రుతువులో. చలికాలపు చిక్కని గాలి, చలికాలపు పెట్రోలు మిశ్రమం రెండూ మైలేజీని తగ్గిస్తాయి కాబట్టి జనవరి అంకెను జూన్ అంకెతో పోల్చితే మార్చిన భాగం గురించి తెలిసేదేమీ ఉండదు.