చేపకు సర్టిఫికెట్: సముద్రంలో పుట్టిన గొడవ సాగర్ దాకా ఎందుకు రాలేదు?

మిర్యాలగూడలోనో దేవరకొండలోనో చేపలు కొనేవాళ్లు ముఖ్యంగా రెండు మాటలు అడుగుతారు. తాజాదేనా? నాగార్జునసాగర్ చేపా, భీమవరం చెరువు చేపా? సాగర్‌ది అంటే కిలోకు పదో పరకో ఎక్కువ ఇవ్వడానికి వెనకాడరు. ఆ సంగతి తెలిసిన కొందరు లారీలో ఐసు కింద వచ్చిన బొచ్చెను కూడా సాగర్ బొచ్చె అనే అంటగడతారు. మృగశిర కార్తె రోజైతే ఆ రెండు మాటలు అడిగే ఓపిక కూడా ఎవరికీ ఉండదు, దొరికిందే భాగ్యం.

ఏ వలతో పట్టారు, గుడ్లు పెట్టే కాలంలో పట్టారా, నీళ్లలో ఇంకా ఎన్ని మిగిలాయి అని మన దగ్గర అడిగేవాళ్లు లేరు. యూరప్, అమెరికా సూపర్ మార్కెట్లలో మాత్రం ఆ ప్రశ్నల మీద పాతికేళ్లుగా పెద్ద వ్యవస్థే నడుస్తోంది, దాని మీద అంత పెద్ద తగాదా కూడా ఉంది.

దాని మూలం కెనడాలో ఉంది. న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేపను దాదాపు 500 ఏళ్లు పట్టారు. పెద్ద పెద్ద వలలు లాగే ట్రాలర్ ఓడలు వచ్చాక కొన్ని దశాబ్దాల్లోనే అది అడుగంటింది. 1992 జులైలో ప్రభుత్వం కాడ్ వేటను ఆపేసింది. 30 వేల మందికి పైగా ఒక్కసారిగా పని పోయింది. రెండేళ్లకే అనుకున్న ఆ నిషేధాన్ని 2024లో గానీ ఎత్తలేదు. ప్రభుత్వం, శాస్త్రవేత్తలు, కోటాలు అన్నీ ఉండి కూడా చేప పోయిందన్నదే అప్పటి షాక్.

ఆ షాక్ తగిలిన వాళ్లలో యూనిలీవర్ ఒకటి. అప్పట్లో అది గడ్డకట్టించిన చేపలను భారీగా అమ్మేది. సముద్రంలో చేప లేకపోతే ఫ్యాక్టరీకి తాళమే. 1996లో ఆ కంపెనీ, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ చేతులు కలిపాయి. మరుసటి ఏడాది లండన్‌లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ పుట్టింది. దాన్నే ఎంఎస్‌సీ అంటారు. 1999 నుంచి అది ఆ రెండింటితో సంబంధం లేని స్వతంత్ర సంస్థ. ప్యాకెట్ మీద నీలి ముద్ర దానిదే. 2000లో మొదటి సర్టిఫికెట్లు వచ్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియా రాతి రొయ్య వాటిలో ఒకటి.

అది చూసేవి మూడు: చేపల నిల్వ క్షేమంగా ఉందా, వేట వల్ల మిగతా జీవాలకు ఎంత నష్టం, నడిపించే వ్యవస్థ గట్టిదేనా. ఒక్కో అంశానికి 100కు మార్కులు వేస్తారు. ఎందులోనూ 60కి తగ్గకూడదు, మూడు విభాగాల్లోనూ సగటు కనీసం 80 ఉండాలి. తనిఖీ చేసేది ఎంఎస్‌సీ కాదు, బయటి ఏజెన్సీలు. వాటికి ఫీజు ఇచ్చేది మాత్రం సర్టిఫికెట్ కోరుకునే వాళ్లే. మొదటి నుంచీ విమర్శ అక్కడే మొదలవుతుంది. ముద్ర వాడుకున్నందుకు అమ్మకాల మీద వచ్చే రాయల్టీయే ఎంఎస్‌సీకి ముఖ్య ఆదాయం. కాబట్టి ఎక్కువ చేపకు ముద్ర పడితేనే దానికి లాభం కదా అన్నది విమర్శకుల వాదన. న్యూజిలాండ్ హోకి చేపకు 2001లోనూ, చిన్న రొయ్యలాంటి అంటార్కిటిక్ క్రిల్‌కు 2010లోనూ సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు పర్యావరణ సంఘాలే అభ్యంతరం పెట్టాయి.

ఇటువైపు వేటగాళ్ల కోపం వేరు. 2006లో వాల్‌మార్ట్ తన దుకాణాల్లో అమ్మే వేట చేపంతా ఎంఎస్‌సీ ముద్ర ఉన్నదే అవుతుందని ప్రకటించింది. స్వచ్ఛందం అనుకున్నది అలా దాదాపు తప్పనిసరి అయింది. 2012లో అలాస్కాలో సాల్మన్ చేపను శుద్ధి చేసి అమ్మే పెద్ద కంపెనీల వాళ్లు "మా చేప బాగుందని చెప్పడానికి మీరెవరు" అన్నట్టుగా బయటికి వచ్చి సొంత సర్టిఫికెట్‌ను ముందుకు తెచ్చారు.

మన దేశానికి ఈ గొడవ మొదట రొయ్య రూపంలో వచ్చింది. తాబేళ్లు తప్పించుకునే పరికరం లేని వలలతో పట్టిన రొయ్యలను 1996లో అమెరికా ఆపేసింది. భారత్, థాయిలాండ్, మలేషియా, పాకిస్థాన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. 1998 తీర్పు విచిత్రంగా ఉంటుంది: తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం సబబే, కానీ అమెరికా దాన్ని దేశాల మధ్య వివక్షతో అమలు చేసింది. 2019 నుంచి మన సముద్రపు వేట రొయ్యకు అమెరికా తలుపులు మళ్లీ మూసుకున్నాయి, కారణం అదే పరికరం. విశాఖ, కాకినాడ బోట్ల వాళ్లు పర్యావరణ సర్టిఫికెట్ అనగానే ముఖం చిట్లిస్తే దాని వెనక ఇంత కథ ఉంది.

మన దేశంలో తొలి ఎంఎస్‌సీ సర్టిఫికెట్ 2014 నవంబరులో కేరళ అష్టముడి సరస్సులోని ఆల్చిప్పల వేటకు వచ్చింది. 1990ల్లో అక్కడ దిగుబడి పడిపోయినప్పుడు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేట ఆపారు, వల కన్ను ఎంత ఉండాలో నియమం పెట్టుకున్నారు. అంటే కట్టుబాటు ముందు వచ్చింది, ముద్ర చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. సరుకు విదేశాలకు పోయేది కనుక ముద్రకు గిరాకీ కూడా ఉంది.

అదే 2014లో మన దగ్గర ఇంకోటి జరిగింది. రాష్ట్రం రెండయింది, నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలకు రెండు ఒడ్లు, రెండు మత్స్యశాఖలు అయ్యాయి. నీళ్ల పంపకం గురించి ఎంత రభస జరిగిందో అందరికీ తెలుసు. చేపల పంపకం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. చేపకు పెద్దవూర వైపో మాచర్ల వైపో తెలియదు, ఈదుతుంది. ఒక ఒడ్డున వేట ఆపి, రెండో ఒడ్డున వలలు వేస్తే ఆపినవాడు నష్టపోయినట్టే. ఈ చిక్కు మనకే కాదు. ఈశాన్య అట్లాంటిక్‌లో హెర్రింగ్, బ్లూ వైటింగ్ చేపల కోటాల మీద నార్వే, ఐస్‌లాండ్ లాంటి దేశాలు ఒప్పందానికి రాలేదు. ఎవరికి వారు వాటా వేసుకున్నారు. 2020 చివర్లో ఆ వేటలకు ఎంఎస్‌సీ సర్టిఫికెట్ ఆగిపోయింది. నా దృష్టిలో సాగర్‌కు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఇదే.

కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనుక జలాల్లో గొడవ ఇంకా మొరటుగా ఉంటుంది. అక్కడ పేరు మోసిన సమస్య అలివి వల. దోమతెరలా సన్న కన్నులున్న పొడవాటి వల అది. నీళ్లలో చుట్టూ తిప్పి ఒడ్డుకు లాగితే వేలెడంత పిల్లలు కూడా తప్పించుకోవు. వాటిని ఒడ్డునే ఇసుక మీద ఎండబెట్టి, మూటలు కట్టి ఎండు చేపలుగా పంపేస్తారు. దాని మీద నిషేధం ఉంది, దాడులు చేసి తగలబెడుతూ ఉంటారు, మళ్లీ కొత్తది వస్తుంది. స్థానికులు కోస్తా నుంచి వలస వచ్చిన వాళ్ల మీద కోపగించుకుంటారు. వలస వచ్చిన వాళ్లలో చాలామంది మాత్రం దళారుల దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆ బాకీ కింద వల లాగేవాళ్లే. పెట్టుబడి పెట్టినవాడు ఒడ్డున కనిపించడు.

ఇక్కడికి నీలి ముద్ర రావడానికి ఇంకో అడ్డంకి ఉంది. ఎంఎస్‌సీ పుట్టింది ఎవరూ పెంచకుండా సహజంగా పెరిగే చేప కోసం. పెంపకం చేపకు 2010లో వేరే సంస్థ వచ్చింది, ఏఎస్‌సీ అని. మన చెరువుల్లో, జలాశయాల్లో ఎక్కువగా పడే బొచ్చె, రవ్వ ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. అవి గంగా పరీవాహకం నుంచి వచ్చిన చేపలు. 1957 జులై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్ ఇచ్చి, బొచ్చె, రవ్వల కోవకే చెందిన కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించాకే హేచరీలో చేపపిల్లల ఉత్పత్తికి దారి దొరికింది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది: చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల సైజు, జలాశయాలకు 80 నుంచి 100. సైజు తక్కువని, లెక్క తప్పని మత్స్యకార సొసైటీల వాళ్లు ఫిర్యాదు చేయడం మామూలే. అలా వదిలి పట్టుకునే వేటను ఎంఎస్‌సీ కొన్ని షరతుల మీదే పరిగణిస్తుంది. లోతట్టు నీళ్ల చేపకు పర్యావరణ ముద్ర ఎలా ఉండాలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్వీడన్, కెనడా సరస్సుల చేపలకు ముద్ర పడింది కూడా.

సాగర్ చేపకు ఆ ముద్ర కొనే స్తోమత ఎవరికుంది? థర్మాకోల్ తెప్ప మీద తెల్లవారుజామున వల తీసే మనిషికి లేదు. మిర్యాలగూడలో కొనేవాళ్లు అడగడం లేదు కాబట్టి వ్యాపారికి అవసరం లేదు. ముద్ర పక్కన పెట్టినా, చేపల నిల్వ క్షేమమా అన్న దాని మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే జలాశయంలో రోజూ ఎంత చేప పడుతోందో ఎవరో ఒకరు తూచి రాయాలి. పడవ దిగిన చేప నేరుగా దళారీ కాటా మీదికి పోతుంది. ఆ లెక్క అతని పుస్తకంలో బాకీ కింద జమ అవుతుంది.