తెర మీద దాదాపు అంతా పచ్చే, బండి మాత్రం ఎడమకే

విజయనగరంలో ఒక షెడ్డులో కారుకి ముందువైపు షాకప్‌లు రెండూ, చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు రెండూ మార్పించుకుని శ్రీకాకుళం బయల్దేరాను. నాతవలస దాటి హైవే ఎక్కాక చూస్తే బండి తిన్నగానే పోతోంది గానీ స్టీరింగ్ కుడికి ఒరిగి ఉంది. పట్టు కాస్త వదులు చేస్తే చాలు, బండి మెల్లగా ఎడమకి జరిగిపోతోంది. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం, చేయిస్తే పోతుందన్నారు. రెండుసార్లు చేయించాను. స్టీరింగ్ తిన్నబడింది, లాగడం మాత్రం అలాగే ఉంది.

ఇవి రెండూ ఒకే జబ్బు అనుకుంటాం. కాదు.

స్టీరింగ్ ఒరగడం టో తాలూకు సంగతి. బండిని పైనుంచి చూస్తే ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉన్నాయా, బయటికా అన్నదే టో. స్టీరింగ్ నుంచి ఒక్కో చక్రానికి ఒక టై రాడ్ వెళ్తుంది, దానికి మర ఉంటుంది, తిప్పితే పొడవు మారుతుంది. కొత్త షాకప్‌లు వేశాక బండి ఎత్తు కొంచెం మారినా ఈ రాడ్ల వాలు మారి, చక్రాలు తిరిగి ఉండే కోణం కూడా మారిపోతుంది. సరిచేసేవాళ్లు ముందు స్టీరింగ్‌ని తిన్నగా పెట్టి, కదలకుండా బిగించి, తర్వాత రెండు రాడ్లనీ తిప్పాలి. ఒక్క రాడ్డే తిప్పి లెక్క కుదిర్చేస్తే టో సరిపోతుంది, స్టీరింగ్ ఒరిగిపోతుంది. అంతకంటే ఘోరం, స్టీరింగ్ చక్రాన్నే ఊడదీసి తిన్నగా తగిలించేయడం. అలా చేస్తే లోపల టై రాడ్లని అటూ ఇటూ నెట్టే ర్యాక్ మధ్యలో ఉండదు, బండి ఒక పక్కకి ఎక్కువా మరో పక్కకి తక్కువా తిరుగుతుంది. స్టీరింగ్ కోణాన్ని కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో అయితే దాని సున్నా కూడా తప్పుతుంది. దయచేసి ఒప్పుకోకండి.

టో తప్పితే టైరు ఏమవుతుందో లెక్క వేసి చూస్తే నాకే గుండె ఝల్లుమంది. ఒక్కో చక్రం అర డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే, కిలోమీటరుకి 8.7 మీటర్లు పక్కకి ఈడ్చుకుపోయినట్టు లెక్క. విజయనగరం నుంచి శ్రీకాకుళం దాదాపు 70 కిలోమీటర్లు, అంటే ఒక్క ప్రయాణంలో టైరుని ఇంచుమించు 600 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా రుద్దినట్టే. అరిచేతిని టైరు మీద అడ్డంగా రాసి చూడండి. ఒక దిక్కుకి నున్నగా జారి, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్లలా గీసుకుంటే టో తప్పినట్టే.

కానీ ముందు చక్రాల టో వల్ల బండి ఒక పక్కకి లాగడం అరుదు, ఎందుకంటే నడుస్తున్నప్పుడు రెండు చక్రాలూ ఆ తేడాని సమానంగా పంచేసుకుంటాయి. అలా లాగే కారణాల్లో ఒకటి క్యాంబర్, అంటే బండిని ముందు నుంచి చూస్తే చక్రం నిలువుగా ఉందా, పక్కకి ఒరిగిందా అన్నది. రూపాయి బిళ్ళని గచ్చు మీద దొర్లిస్తే ఎటు ఒరిగితే అటే తిరుగుతుంది కదా, చక్రమూ అంతే. ఎడమ చక్రం పైభాగం బయటికి ఒరిగి, కుడిది సరిగ్గా ఉంటే, బండి ఎడమకే పోతుంది. అలైన్‌మెంట్ దగ్గర తెర మీద టో గడులు పచ్చగా వెలిగాయి, ఎడమ క్యాంబర్ ఒక్కటీ ఎర్రగా ఉంది. అడిగితే "ఈ బండికి క్యాంబర్ అడ్జస్ట్‌మెంట్ ఉండదు సార్" అన్నారు.

సర్దుకునే మర లేదన్న మాట నిజమే. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940లలో రూపొందించిన ఏర్పాటు. అందులో స్ప్రింగూ షాకప్పూ కలిసి ఒకే కంబంలా నిలబడతాయి, దాని అడుగున సాధారణంగా రెండు బోల్టులతో చక్రాన్ని తగిలించే హబ్బు ఉండే భాగాన్ని బిగిస్తారు. ఆ బోల్టుల రంధ్రాల్లో పిసరంత సందు ఉంటుంది. బిగించేటప్పుడు చక్రం ఎటు ఒరిగి ఉంటే అటే ఉండిపోతుంది, తేడా కొన్ని బండ్లలో అర డిగ్రీ దాకా రావచ్చు.

శ్రీకాకుళంలో ఒక పెద్ద మెకానిక్ ఇది పట్టుకున్నారు. ముందు ఆయన బోల్టుల జోలికి పోలేదు. ముందువైపు టైర్లు రెండూ అటుది ఇటూ ఇటుది అటూ మార్చారు. లాగే దిక్కు మారితే లోపం టైరుదే, మారలేదు. కాసేపు తిప్పొచ్చి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశారు, ఒక పక్క బ్రేకు పట్టేస్తుంటే అటువైపు ఎక్కువ వేడెక్కుతుంది, అదీ లేదు. రోడ్డు వాలు వల్ల కూడా బండి అంచుకి జరుగుతుంది కాబట్టి చదునైన చోట మళ్లీ నడిపారు. అప్పుడు గానీ ఎడమ పక్క ఆ రెండు బోల్టులూ వదులు చేసి, టైరు పైభాగాన్ని మోకాలితో లోపలికి నొక్కి పట్టి, కుర్రాడిచేత బిగించారు. "మిషను ఉన్నదే సూపిస్తాది బాబూ, బాగు సెయ్యదు" అన్నారు.

తర్వాత బండి కిందికి దూరి ఇంకో ప్రశ్న వేశారు. "ఆర్ములు జాకీ మీదున్నప్పుడే బిగించీసినారా?" అవును, నేను చూస్తుండగానే. లోయర్ ఆర్మ్ బుష్ అంటే లోపల ఒక ఇనుప గొట్టం, దానికి అతుక్కుని రబ్బరు. బోల్టు ఆ గొట్టాన్ని కదలకుండా పట్టేస్తుంది, ఆర్మ్ పైకీ కిందికీ ఆడేది రబ్బరు మెలితిరగడం వల్లే. చక్రాలు వేలాడుతుండగా బిగించేస్తే, బండి నేల మీద దిగిన క్షణం నుంచీ ఆ రబ్బరు పిండిన తువ్వాలులా మెలిపడే ఉంటుంది, తొందరగా చిరిగిపోతుంది. చిరిగాక బ్రేకు వేసినప్పుడల్లా చక్రం తన చోటు వదిలి కదులుతుంది, ఏ అలైన్‌మెంటూ నిలవదు. బండి బరువంతా చక్రాల మీద ఉండగా, కిందికి దిగి పనిచేసే గుంత మీద నిలబెట్టి, ఆయన ఆ ఆర్మ్ బోల్టులు వదులు చేశారు. టక్ మని శబ్దం వచ్చింది. బండిని ముందు నుంచి నాలుగుసార్లు ఊపి మళ్లీ బిగించారు.

క్యాంబర్ కదిపితే టో కూడా మారుతుంది. అందుకే అలైన్‌మెంట్ అన్నిటికంటే ఆఖర్న, అదీ టైర్లలో గాలి సరిచూశాకే. మూడోసారి డబ్బులు కట్టాను, ఈసారి బాధ అనిపించలేదు. ఇప్పుడు నెలకోసారి ముందు టైర్ల మీద అరిచెయ్యి రాసి చూస్తున్నాను, రెండు దిక్కులా ఒకే నునుపు.