నడుము పూసలోని అడ్డపుల్లలు

20 కిలోల పెట్టెను వంగి ఎత్తితే నడుము మీద పడేది 20 కిలోలు కాదు. పెట్టె వెన్నుకు 40 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. దాని బరువు సుమారు 200 న్యూటన్లు. నడుముకు పైనున్న ఒళ్లు మరో 400, అదీ 20 సెంటీమీటర్లు ముందుకు వాలి ఉంటుంది. రెండూ కలిపితే 160 న్యూటన్ మీటర్ల భ్రామకం, అంటే ఒంటిని ముందుకు తిప్పేసే ప్రభావం. దాన్ని ఆపాల్సిన వీపు కండరాలేమో కేవలం 5 సెంటీమీటర్ల దూరంలో, పూసల వెనకే ఉన్నాయి. అంటే 3200 న్యూటన్లతో లాగాలి. ఆ లాగుడంతా పూసల్ని ఒకదానిమీదొకటి అదుముతుంది. పై బరువులూ కలిస్తే నడుములోని అయిదో పూస దగ్గర 3500 దాటుతుంది. అమెరికాలో పనిచోట భద్రత మీద పరిశోధించే నియోష్ సంస్థ 1981లో పెట్టిన హద్దు 3400. అదే పెట్టె 20 సెంటీమీటర్ల దగ్గరికొస్తే కండరాల లాగుడు 2400కు దిగుతుంది. మోకాళ్లు వంచాలా, నడుము వంచాలా అని వాదించుకుంటారు గానీ, ముందు చూసుకోవాల్సింది ఈ దూరమే.

ఇంత భారం మోసే పూస గట్టి దిమ్మేమీ కాదు. పైపెంకు మందం అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. లోపలంతా సన్నటి ఎముక పుల్లల అల్లిక. అందులో ఎముక అయిదో వంతు కూడా ఉండదు, మిగతాది మజ్జ. నిలువుపుల్లలు భారం మోస్తాయి, అడ్డపుల్లలు వాటిని వంగిపోనివ్వవు. అసలు బలం ఈ అడ్డపుల్లల్లోనే ఉందనిపిస్తుంది. సన్నటి స్తంభానికి ఆధారం లేని పొడవు రెట్టింపైతే, వంగిపోకుండా మోయగల భారం నాలుగో వంతుకు పడిపోతుంది. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ కట్టిన లెక్క ఇది. వయసుతో ముందు పోయేవి అడ్డపుల్లలే. గుల్లబారిన పూస ఎక్స్‌రేలో నిలువు చారలు కొట్టొచ్చినట్టు కనబడేది అందుకే. సాంద్రత సగమైతే బలం దాదాపు పావుకు దిగుతుంది. ఆరోగ్యవంతుడైన యువకుడి పూస 10,000 న్యూటన్ల దాకా ఓర్చుకోవచ్చు. బాగా గుల్లబారినది 2,000 లోపే చితకొచ్చు.

నిలువుగా అదిమినప్పుడు మొదట దెబ్బతినేది డిస్క్ కాదు, డిస్క్‌కూ పూసకూ మధ్యనున్న పలుచని పలక, ఎండ్‌ప్లేట్. డిస్క్‌లో రక్తనాళాలు దాదాపు లేవు. పోషకాలు ఈ పలకలోంచే ఊరాలి. అందుకే అది మందంగా ఉండటానికి వీల్లేదు, నడిమధ్యన మరీ పలుచన. అక్కడ పగిలితే డిస్క్ గుజ్జు పూసలోకి చొచ్చుకుపోతుంది (ష్మార్ల్ గుంటలంటారు). గుజ్జులో ఒత్తిడి పడిపోయి భారం చుట్టూ ఉన్న పొరల మీదికి మళ్లుతుంది. డిస్క్ అరుగుదల అక్కడ మొదలవచ్చు. ఒకేసారి పెద్ద బరువు అక్కర్లేదు, చిన్న బరువే వేలసార్లు పడినా పలక అలసి చిట్లుతుంది.

డిస్క్ పలచబడ్డాక మరో చిక్కు. మామూలుగా నిలబడినప్పుడు భారంలో పూసల వెనకనున్న కీళ్ల వాటా కొద్దే. డిస్క్ ఎత్తు తగ్గితే వెనక భాగం సగానికి దగ్గరగా మోయాల్సి రావచ్చు. భారం తప్పిన ముందుభాగంలో ఎముక క్షీణిస్తుంది. మనిషి ముందుకు వంగగానే భారమంతా ఆ బలహీనమైన చోటికే వచ్చి, పూస ముందువైపు చితికి చీలలా తయారవుతుంది. ఎముక సాంద్రత కొలవడానికి వెనక నుంచి ముందుకు తీసే డెక్సా స్కాన్ దీన్ని సరిగా పట్టుకోలేదు. వెనక భాగాల ఎముకనూ కలిపే కొలుస్తుంది కనుక, కీళ్లు అరిగి ఎముక పెరిగినచోట సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువ కనబడుతుంది. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో ఎత్తు 20 శాతం పైగా తగ్గితే పూస విరిగినట్టే లెక్కిస్తారు, నొప్పి ఉన్నా లేకపోయినా.