ఆరడుగుల ఫిల్ము

చిరంజీవులు మన మేడ మీది సినిమా బృందానికి, రెండో అంతస్తు నుంచి మామ్మ ఆశీస్సులు.

ఒకే బిల్డింగులో ఉంటూ ఉత్తరమేమిటని మీ అమ్మలు అడిగారు. మీరు బడిలో తమిళం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాత్రం నోటితోనే సరిపోతోంది. ఆదివారం క్లాసులో గుణింతాలయ్యాయి, ఒత్తులయ్యాయి, ఇక చదవడానికి పొడుగాటి కాగితం ఒకటి కావాలి కదా. మీకు నచ్చే విషయం మీద ఉంటే చివరిదాకా వదలరని ఆశ. తెలియని మాట తగిలితే కింద గీత గీసుకోండి, ఆదివారం చెబుతాను.

పోయిన వారం మీరు ఫోనుతో తీసిన సినిమా చూపించారు. పిల్లి తప్పిపోతుంది, పాప గిన్నెలో పాలు పోసి మెట్ల మీద పెడుతుంది, పిల్లి తిరిగొస్తుంది. మూడు నిమిషాలు. అయిపోగానే చిన్నోడు అడిగాడు: "ఫోను అక్క పట్టుకుంది. నటించింది పాప. కథ నాది. మరి డైరెక్టరని అన్నయ్య పేరేసుకున్నాడు, వాడేం చేశాడు? యాక్షన్, కట్ అని అరిచాడంతే." అన్నయ్య ముఖం చిన్నబోయింది. నేనప్పుడేమీ అనలేదు. 26 ఏళ్ళు ఆ పని పక్కనే కూర్చున్నదాన్ని, రెండు మాటల్లో తేల్చబుద్ధి కాలేదు.

నేను చేసింది నెగెటివ్ కటింగ్. ఇప్పుడా పని దాదాపు లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అప్పట్లో సినిమా ఫిల్ము మీద ఉండేది. కెమెరాలోంచి వచ్చినదాన్ని ల్యాబులో కడిగితే నెగెటివ్ వస్తుంది. అందులో తెల్ల చీర నల్లగా, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తాయి. దాన్నుంచి పాజిటివ్ ప్రింటు వేసి ఎడిటర్‌కి పంపేవాళ్ళు. ఎడిటరూ దర్శకుడూ మూవియోలా అనే ఎడిటింగ్ మెషీను ముందు కూర్చుని ఆ ప్రింటును కోసి, అతికించి, నచ్చక విప్పి, మళ్ళీ అతికించి సినిమాగా కూర్చేవాళ్ళు. అది నకలే కనుక ఎన్నిసార్లు కోసినా ఫరవాలేదు. అంతా ఖాయమయ్యాక మా దగ్గరికి వచ్చేది. ఫిల్ము అంచున వరసగా నంబర్లుంటాయి. ప్రింటు మీది నంబరు చూసుకుని, అసలు నెగెటివ్‌ను సరిగ్గా ఆ బొమ్మ (ఫ్రేము) దగ్గరే మేము కోయాలి. చేతులకు తెల్లటి నూలు తొడుగులు. గదిలో దుమ్ము ఉండకూడదు. కోసిన కొసను గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి, రెండో ముక్కను దాని మీదికి ఎక్కించి అతకాలి. ఆ ఎక్కింపుకి ఒక్కో కొసన ఒక్కో బొమ్మ పోతుంది. అంటే తప్పు చోట కోస్తే మళ్ళీ యథాతథంగా కలపడం కుదరదు. మా గదిలో అందరం ఆడవాళ్ళమే. మా పేర్లు చాలా సినిమాల్లో తెర మీద పడలేదు. అది ఈరోజుకీ నాకు బాధే.

ఒక చిన్న లెక్క నేర్చుకోండి. సెకనుకి 24 బొమ్మలు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు. కాబట్టి ఒక సెకను అంటే అడుగున్నర, ఒక నిమిషం అంటే 90 అడుగులు. మా గదిలో కాలాన్ని అడుగుల్లోనే చెప్పుకునేవాళ్ళం.

పనిలో చేరిన ఆరేడేళ్ళకి ఒక సినిమా మా బల్ల మీదికొచ్చింది. దాని పేరు మీరు విని ఉండరు, రెండు వారాలు కూడా ఆడలేదు. అందులో కొడుకు ఊరు విడిచి వెళ్ళిపోతాడు. తల్లి గుమ్మందాకా వచ్చి, లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. ఎడిటర్ తలుపు పడగానే కోశారు. ఎవరైనా అక్కడే కోస్తారు, మనిషి వెళ్ళిపోయాక చూడటానికేముంది? మేము మొదలుపెట్టబోతుండగా దర్శకుడు ఫోన్ చేసి ఆ రీలు ఆపమన్నారు. సాయంత్రం తనే వచ్చారు. తలుపు పడ్డాక ఇంకో ఆరడుగులు కావాలన్నారు. ఆరడుగులంటే నాలుగు సెకన్లు. మూసిన తలుపు, పక్కన గోడకి తగిలించిన కొడుకు పాత గొడుగు. కదిలేది ఏమీ లేదు. సినిమా సాగుతుందని నిర్మాత తరఫు మనిషి గొణిగారు. దర్శకుడు వాదించలేదు, "ఆవిడ లోపల ఏం చేస్తోందో జనం అనుకోవాలి కదండీ, దానికి టైమివ్వాలి" అన్నారు.

ఆ ఆరడుగులూ నా చేత్తోనే ఉంచాను. తర్వాత ప్రివ్యూలో చూశాను. తలుపు పడింది. మొదటి సెకను ఎవరో దగ్గారు. రెండో సెకనుకి హాలు సద్దుమణిగింది. మూడో సెకనులో నా పక్కనున్న ఆవిడ కొంగు తీసుకుంది. తెర మీద ఏడ్చినవాళ్ళెవరూ లేరు.

అందులో నటన లేదు, మాట లేదు, పాట లేదు. కెమెరా కదల్లేదు. ఆ నాలుగు సెకన్లు మాత్రం పూర్తిగా దర్శకుడివి. చిన్నోడా, నీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే. ఏది చూపించాలి, ఏది చూపించకూడదు, చూపించినదాన్ని ఎంతసేపు ఉంచాలి అన్నది ఒక మనిషి తేల్చాలి. ఆ మనిషే దర్శకుడు.

కొలత అంటే ముందుగా తలుచుకోవలసింది కె.వి. రెడ్డిగారిని. మీరు ఐస్‌క్రీముకి వెళ్ళే వడపళని విజయా మాల్ ఉంది చూడండి, దాని పేరులోని విజయా ఒకప్పుడు 'పాతాళ భైరవి', 'మాయాబజార్' తీసిన విజయా వాళ్ళదే. వాళ్ళ విజయా వాహినీ స్టూడియో ఉండేది ఆ వడపళనిలోనే. 'మాయాబజార్' 1957లో వచ్చింది. దానికి దర్శకుడు కె.వి. రెడ్డిగారు రిహార్సల్స్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఏ సీను ఎంతసేపు వస్తుందో ముందే లెక్క కట్టేవారు. రంగారావుగారంతటి నటుడైనా, సావిత్రిగారైనా రిహార్సల్ తప్పదు. పెద్ద నటుడు మాట సాగదీస్తే చూడటానికి బాగానే ఉంటుంది, కానీ ఆ సాగదీత పక్క సీను ఊపిరి తినేస్తుంది. అది ఆయనకి తెలుసు.

ఇంకో సంగతి గమనించారా? 'మాయాబజార్' పాండవుల పిల్లవాడి పెళ్ళి కథ. సినిమా మొత్తంలో పాండవులు ఒక్కరూ కనిపించరు! ఈసారి చూసినప్పుడు లెక్కపెట్టండి. ధర్మరాజు లేడు, భీముడు లేడు, అర్జునుడు లేడు. వాళ్ళు జూదంలో ఓడిపోయారని తెలుస్తుంది, అంతే. మనకి కావలసింది శశిరేఖ, అభిమన్యుడు, ఘటోత్కచుడు, నవ్వుతూ అన్నీ నడిపించే కృష్ణుడు. ఆ ఐదుగురూ తెర మీదికొస్తే కథ వాళ్ళ కష్టాల వైపు తిరిగిపోయేది. రాసిన పింగళి నాగేంద్రరావుగారూ తీసిన రెడ్డిగారూ వాళ్ళని గుమ్మం బయటే ఆపేశారు. మహాభారతంలోంచి పాండవుల్ని తీసేయాలంటే ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

అంతా దర్శకుడి గొప్పే అనుకోకండి మళ్ళీ. 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెల చూస్తే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది. అది చంద్రుడిచ్చింది కాదు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లేగారు దీపాలతో, కెమెరాతో చేసింది. 1950లలో పారిస్‌లో కొందరు కుర్ర విమర్శకులు సినిమాకి అసలు రచయిత దర్శకుడేనని వాదించారు. ఆ మాట ప్రపంచమంతా పాకింది. దర్శకుడికి మర్యాద పెరిగింది, మంచిదే. ఒక గదిలో కూర్చుని కళ్ళు నొప్పిపుట్టేలా ఫిల్ము కోసినదాన్ని కనుక నేను ఆ మాటని పూర్తిగా ఒప్పుకోను. పెళ్ళి వంట పదిమంది వండుతారు. ఉప్పు ఎంతో ఒకరు చెప్పాలి, చెప్పినవారికి అందరి చేతులమీదా గురి ఉండాలి.

కె.వి. రెడ్డిగారి ఆ స్టాప్‌వాచ్ పక్కన నిలబడి పని నేర్చుకున్న సహాయకుల్లో సింగీతం శ్రీనివాసరావుగారు ఒకరు. గురువుగారు ప్రతి మాటకీ సెకన్లు లెక్కపెట్టారు. శిష్యుడు 1987లో మాటలే లేని సినిమా తీశారు, 'పుష్పక విమానం'. మన పక్కనున్న బెంగళూరులోనే తీశారు. అందులో కమల్ హాసన్ ఉద్యోగం లేని కుర్రవాడు. సినిమా హాలు పక్కనే ఒక లాడ్జి గదిలో ఉంటాడు, రోజూ ఆ ఫైటింగుల చప్పుడులోనే పడుకుంటాడు. ఒక దారి దొరికి పెద్ద హోటల్ గదిలోకి వస్తాడు. మెత్తటి పరుపు, ఏసీ, ఎక్కడా చప్పుడు లేదు. నిద్ర పట్టదు! లాడ్జికెళ్ళి ఆ రొదంతా టేపులో రికార్డు చేసుకొచ్చి, హోటల్లో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం ఒంట్లోకి ఎలా ఇంకిపోతుందో చెప్పడానికి ఇంకొకరైతే పేజీడు డైలాగు రాసేవారు. సింగీతంగారు ఒక టేపు రికార్డరు ఇచ్చారు. మాటల్లేకపోవడం వల్ల ఆ సినిమాకి భాష గోడ కూడా లేదు. మీ తమిళ స్నేహితులతో, కన్నడ స్నేహితులతో కలిసి కూర్చుని చూడండి, అందరూ ఒకే చోట నవ్వుతారు.

ఒక దర్శకుడి చెయ్యి ఇంకొకరి మీద ఎలా పడుతుందో కూడా మా బల్ల మీద కనిపించేది. 1989లో 'శివ' వచ్చింది, రామ్ గోపాల్ వర్మ మొదటి సినిమా. అందులో కెమెరామన్ ఒంటికి కట్టుకుని కదులుతున్నా బొమ్మ కుదుపు లేకుండా ఉంచే స్టెడీక్యామ్‌తో కెమెరా మనుషుల వెంట పరుగెత్తింది. ఆ తర్వాత రెండేళ్ళు మా దగ్గరికొచ్చిన సినిమాల్లో సందుల్లో పరుగులే పరుగులు. పరుగు ఎందుకో తెలిసి తీసినవి తక్కువ. దర్శకుడు కె. విశ్వనాథ్‌గారిది వేరే దారి. ఆయన వాహినీలో సౌండ్ విభాగంలో మొదలుపెట్టారు. చెవితో పెరిగిన మనిషి. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో వయసు మళ్ళిన సంగీత విద్వాంసుణ్ణి కథానాయకుణ్ణి చేసి, ఆ పాత్రకి స్టారుని కాకుండా నాటకాలాడే డిప్యూటీ కలెక్టర్ సోమయాజులుగారిని పెట్టారు. ఆ ఏడాది మా వీధి సంగీతం టీచరుగారింటి గుమ్మంలో చెప్పులు రెట్టింపయ్యాయి, నేను కళ్ళారా చూశాను.

ఓర్పు గురించి ఒకటి చెప్పాలి, మీకది అవసరం. బెంగాల్లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలీ' తీస్తున్నప్పుడు, అక్కాతమ్ముళ్ళు తెల్లటి రెల్లుపూల మధ్యలోంచి వెళ్ళి రైలు చూసే ఘట్టం ఉంది. ఒకరోజు కొంత తీశారు. వారం తర్వాత మిగతాది తీద్దామని వెళితే పూలు లేవు, పశువులు మేసేశాయి! వేరే చోట ఏదో ఒకటి తీసి సరిపెట్టొచ్చు. ఆయన మళ్ళీ పూలు పూసేదాకా, మరుసటి ఏడాదిదాకా ఆగారు. తెల్ల పూల మీద నల్లటి రైలు పొగ కావాలి మరి. 1955లో సినిమా విడుదలైంది, ఆ పొగ ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు. మీరు వాన పడిందని సగం షాట్లు పార్కింగులో తీసేశారు. పాప గౌను తడి, నేల పొడి. నేను చూశాను.

ఇక మీ పిల్లి. హిచ్‌కాక్ అని ఒక దర్శకుడు ఒక ఉదాహరణ చెప్పేవాడు. ఇద్దరు బల్ల దగ్గర కబుర్లు చెప్పుకుంటున్నారు, ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. చూసేవాళ్ళు కొన్ని క్షణాలు ఉలిక్కిపడతారు, అంతే. అదే బాంబు బల్ల కింద ఉందని మనకి ముందే చూపించి, వాళ్ళని అలాగే కబుర్లాడనిస్తే? పావుగంటసేపు మనం కుర్చీ అంచున ఉంటాం, "లేవండ్రా బాబూ" అని లోపల్లోపల అరుస్తూ. బాంబు మారలేదు, మనుషులు మారలేదు. మనకి ఏది ఎప్పుడు చెప్పారన్నదే మారింది.

మీ సినిమాలో పాప పాలు పెట్టింది, వెంటనే పిల్లి వచ్చేసింది. పాప ఎదురుచూసిందన్న సంగతే మాకు అందలేదు. పిల్లి రాదేమోనని మేము ఒక్క క్షణమైనా భయపడాలి కదా. అన్నయ్యా, అది నీ పని. ఇలా చెయ్యి. పాప గిన్నె పెట్టి లోపలికెళ్ళాక ఫోను ఆపొద్దు. ఖాళీ మెట్లు, పాలగిన్నె. ఎవరో పైనుంచి దిగి గిన్నె తన్నకుండా పక్కనుంచి వెళ్ళనీ. తర్వాత మళ్ళీ ఖాళీ మెట్లు. సాయంత్రం ఆరింటికి అక్కడ ఎండ గోడమీద సన్నగా పడుతుంది, ఆ వేళకే తియ్యండి. పిల్లి వచ్చాక ముఖం చూపించకండి, పాలు తాగే చప్పుడు ముందు వినిపించనీ, పాప తలుపు సందులోంచి చూడనీ. ఎంతసేపు ఉంచాలని నన్నడగొద్దు. ఖాళీ మెట్ల షాటు రెండు సెకన్లు ఒకటి, నాలుగు ఒకటి, ఎనిమిది ఒకటి, మూడు రకాలుగా కోసుకుని తెండి. ఆదివారం క్లాసయ్యాక మా ఇంట్లో టీవీకి పెట్టి, ఈ సినిమా చూడని మీ తాతగారిని కూర్చోబెడదాం. ఆయన ఏ షాటు దగ్గర మాట్లాడటం ఆపుతారో మీరు చూస్తూ ఉండండి.

చిన్నోడు కథ రాసినందుకు, అక్క ఫోను పట్టినందుకు, పాప నటించినందుకు పేర్లు పెద్ద అక్షరాల్లో వెయ్యండి. పాల గిన్నె ఇచ్చింది వాచ్‌మన్ గారి భార్య. ఆవిడ పేరు కూడా వెయ్యండి.

మీ మామ్మ
సాలిగ్రామం, చెన్నై