గొట్టంలోంచి కారే నీటిలో ఏసీ లెక్క

"మా పడకగది 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు. ఒక టన్ను ఏసీ సరిపోతుందా, ఒకటిన్నర టన్నులది కొనాలా? నెలకు కరెంటు ఎంత కాలుతుంది?" ఎండలు ముదిరే వేళకు ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. అడిగినవారు రెండు అంకెలు చెబితే చాలనుకుంటారు. నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. గది పైకప్పు మీద నేరుగా ఎండ పడుతుందా? కిటికీ ఏ దిక్కున ఉంది? తలుపు కింద సందు ఎంత? మీ ఊరి గాలిలో తేమ ఎంత? చివరి ప్రశ్న వినగానే చాలామంది నొసలు చిట్లిస్తారు. చల్లదనం గురించి అడిగితే తేమ గోల ఎందుకని వారి బాధ. నాకేమో ఏసీ విషయంలో అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఆ తేమే.

ముందు టన్ను సంగతి తేల్చేద్దాం. అది యంత్రం బరువు కాదు, లోపలి గ్యాసు బరువూ కాదు. యంత్రాలు రాకముందు చల్లదనం మంచు దిమ్మల రూపంలో అమ్ముడుపోయేది. శీతల యంత్రాలు వచ్చాక వాటి సత్తువను కూడా మంచుతోనే కొలిచారు. 2,000 పౌండ్ల మంచు, అంటే అమెరికా లెక్కలో ఒక టన్ను, 24 గంటల్లో పూర్తిగా కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో బయటికి పంపగలిగితే అది ఒక టన్ను యంత్రం. వేడిని కొలిచే పాత బ్రిటిష్ కొలమానమైన బీటీయూల్లో చెబితే గంటకు 12,000. వాట్లలో చెబితే 3,517. ఈ మూడున్నర కిలోవాట్లు వేడిని తోడే వేగం మాత్రమే, మీటరు మీద తిరిగే కరెంటు కాదు. గ్యాసును ఒత్తే కంప్రెసర్, వేడిని బయట వదిలే కండెన్సర్, వాటి మధ్య తిరిగే ద్రవం, ఈ బొమ్మ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది. దాన్ని మళ్లీ గీసే ఓపిక నాకు లేదు.

ఏసీ చలిని తయారు చేయదు. చిల్లుల పడవలో కూర్చుని నీళ్లు తోడి బయట పోసే మనిషి చేసే పనే అదీ చేస్తుంది. టన్నులు అంటే ఆ మనిషి చేతిలోని పాత్ర పరిమాణం. రోజంతా ఎంత నీరు తోడాల్సి వస్తుందన్నది మాత్రం చిల్లులను బట్టి ఉంటుంది. పెద్ద పాత్ర తెచ్చినంత మాత్రాన పడవలోకి ఎక్కువ నీరు రాదు. అందుకే "ఒకటిన్నర టన్నులది కొంటే బిల్లు ఒకటిన్నర రెట్లు వస్తుంది" అనే నమ్మకంలో పస లేదు. నెల బిల్లులో ఎక్కువ భాగాన్ని నిర్ణయించేది గది. యంత్రం వంతు ఆ తరువాతే.

మరి గదిలోకి వేడి ఎటునుంచి వస్తుంది? 12 అడుగుల పొడవు, వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 41 ఘనపు మీటర్లు, బరువులో 47 కిలోలు. దాన్ని 35 డిగ్రీల నుంచి 25కు దించడానికి తీసేయాల్సిన వేడి 470 కిలోజౌళ్లే. ఒక టన్ను ఏసీకి అది రెండుంపావు నిమిషాల పని! అయినా గది చల్లబడటానికి అరగంట, ముప్పావు గంట ఎందుకు పడుతోంది? తల పైకెత్తి చూడండి. అదే గది మీద 12 సెంటీమీటర్ల మందాన పరిచిన కాంక్రీటు కప్పు బరువు దాదాపు 3,800 కిలోలు. అది ఒక్క డిగ్రీ తగ్గాలంటే 3,400 కిలోజౌళ్లు పోవాలి. గదిలోని గాలినంతటినీ 10 డిగ్రీలు చల్లార్చడం కంటే కప్పును ఒక్క డిగ్రీ చల్లార్చడం ఏడు రెట్లు పెద్ద పని. మధ్యాహ్నమంతా ఎండ తాగిన ఆ కప్పు రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడిని దింపుతూనే ఉంటుంది. రిమోట్‌ను 16కు దించితే గది త్వరగా చల్లబడుతుందన్న భ్రమ కూడా ఇక్కడే పుట్టింది. గది కోరిన చల్లదనానికి చాలా దూరంలో ఉన్నంతసేపూ కంప్రెసర్ ఎలాగూ పూర్తి బలంతోనే తిరుగుతుంది. అంకెను 16కు దించితే అదనంగా జరిగేది ఒక్కటే, 25 దగ్గర ఆగాల్సిన యంత్రం ఆగదు.

ఇప్పుడు నాకిష్టమైన చోటికి వద్దాం. తలుపు సందుల్లోంచి, కిటికీ రెక్కల మధ్యనుంచి బయటి గాలి లోపలికి జొరబడుతూ ఉంటుంది. అలా వచ్చిన ఒక కిలో గాలినే చూద్దాం. బయట 35 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడి దగ్గర గాలి మోయగల గరిష్ఠ ఆవిరిలో నిజంగా ఉన్న వంతు) 60 శాతం అనుకుంటే, ఆ కిలో గాలిలో 21 గ్రాములకు పైగా నీటి ఆవిరి ఉంటుంది. గదిలో మనం కోరే 25 డిగ్రీలు, 50 శాతం దగ్గర ఉండేది 10 గ్రాములు. అంటే ఆ గాలిని 10 డిగ్రీలు చల్లార్చడమే కాదు, అందులోంచి 11 గ్రాముల నీటిని పిండాలి కూడా. ఆవిరి నీరుగా మారుతూ వేడిని వదులుతుంది, దాన్నీ ఏసీయే తోడాలి. చల్లార్చడానికి 10 కిలోజౌళ్లు పోతే, నీటిని పిండటానికి దాదాపు 30 అవుతుంది. ఏసీ ఆ గాలి మీద పెట్టే శ్రమలో నాలుగింట మూడు వంతులు థర్మామీటరులో కనిపించవు.

అదే లెక్కను 40 డిగ్రీల పొడి ఎండకు, 15 శాతం ఆర్ద్రతకు వేయండి. అక్కడ కిలో గాలిలో ఉండే ఆవిరి 7 గ్రాములే, అంటే మన గదిలో ఉండాల్సినదాని కంటే కూడా తక్కువ. పిండాల్సిన నీరు లేదు. 15 కిలోజౌళ్లతో పని ముగుస్తుంది. ఇక వాన వెలిసిన తరువాతి ఉక్కపోతను తీసుకోండి: 30 డిగ్రీలు, 85 శాతం. కిలోకు 23 గ్రాముల ఆవిరి, 38 కిలోజౌళ్ల పని. అంటే సందుల్లోంచి వచ్చే గాలి వరకు చూస్తే, 30 డిగ్రీల ఉక్కపోత 40 డిగ్రీల ఎండకన్నా రెండున్నర రెట్లు బరువైనది! గోడలు, కప్పు లెక్క వేరు. అక్కడ థర్మామీటరుదే రాజ్యం. కానీ "ఇవాళ ఎండే లేదు, ఏసీ ఇంతసేపు ఎందుకు తిరుగుతోంది" అని విసుక్కునేవారు వెలుతురును చూస్తున్నారు, ఆవిరిని చూడటం లేదు.

దీన్ని మీరే కొలవవచ్చు. ఏసీ గంటసేపు నడిచాక, బయటికి నీరు వదిలే గొట్టం కింద ఒక పాత్ర పెట్టండి. అరగంట తరువాత అందులోని నీటిని కొలత గ్లాసులో పోసి చూసి, రెట్టింపు చేస్తే గంట లెక్క వస్తుంది. గంటకు లీటరు వచ్చిందనుకుందాం. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు 2,450 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది. దాన్ని 3,600 సెకన్లకు పంచితే 0.68 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ సత్తువలో దాదాపు ఐదో వంతు ఆ పాత్రలోకి చేరిందన్నమాట. పొడి ఎండలో పాత్ర దాదాపు ఖాళీగా ఉంటుంది, అది యంత్రం లోపం కాదు. ఉక్కపోతలో నిండుగా ఉంటే గ్యాసు కారిపోయిందని కంగారు పడనక్కరలేదు. గ్యాసు ఇలా నీరై కారదు. నీరు ఆవిరయ్యేటప్పుడు దాచుకుని, తిరిగి నీరయ్యేటప్పుడు వదిలే ఈ వేడి పేరు గుప్తోష్ణం. ఆ పాఠాన్ని బడిలో మరుగుతున్న నీటి కెటిల్‌తో మొదలుపెట్టి, గ్రాముకు 540 కేలరీలు అని బట్టీ పట్టించి అక్కడే ముగిస్తారు. కిటికీ బయట గొట్టంలోంచి అదే పాఠం చుక్కలుగా కారుతూ ఉంటే ఒక్క మాస్టారూ పిల్లలను అక్కడికి తీసుకుపోడు.

అసలు ఈ యంత్రం పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో కాగితం గాలిలోని తేమను పీల్చి ఉబ్బేది, తేమ తగ్గితే కుంచించుకుపోయేది. ఒక రంగు మీద మరో రంగు సరిగ్గా పడేది కాదు. 25 ఏళ్ల ఇంజనీరు విల్లిస్ క్యారియర్‌కు అప్పగించిన పని తేమను అదుపు చేయడం. మనుషులకు హాయి కలిగించడం ఆ ఒప్పందంలో లేదు.

ఇక మొదటి గదికి కొలతలు వేద్దాం. ఇవన్నీ ఉజ్జాయింపులే, మీ గదికి మీరు మార్చుకోవాలి. గది పై అంతస్తులో ఉంటే, ఇన్సులేషన్ లేని కప్పు నుంచి మండే వేళ 1,500 వాట్ల దాకా వస్తుంది. బయటివైపు ఉన్న రెండు గోడల నుంచి 600, పరదా వేసిన కిటికీ నుంచి 400, ఊరికే కూర్చున్న ఇద్దరు మనుషుల నుంచి 200, దీపాలు, ఫ్యాను కలిపి 100. గంటకు ఒకసారి గదిలోని గాలి మొత్తం మారుతుందనుకుంటే, 35 డిగ్రీల, 60 శాతం ఆర్ద్రత ఉన్న గాలికి 520. మొత్తం 3,300 వాట్లు, అంటే టన్నుకు కాస్త తక్కువ. అదే గది మధ్య అంతస్తులో ఉంటే కప్పు వాటా పోయి 1,800 వాట్లే మిగులుతుంది, అర టన్ను! చదరపు అడుగులు రెండింటికీ ఒక్కటే. వైశాల్యాన్ని మాత్రమే అడిగి టన్నులు చెప్పేవారి మాట నేను ఎందుకు లెక్కచేయనో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. పై అంతస్తుకు ఒక టన్ను సరిగ్గా సరిపోతుంది. పడమటి ఎండ నేరుగా పడే పెద్ద అద్దం ఉంటే, ఒక్కో చదరపు మీటరు అద్దం 600 వాట్ల వరకు లోపలికి పంపుతుంది కాబట్టి, ఒకటిన్నరకు వెళ్లక తప్పదు. అయితే ముందు ఆ అద్దానికి బయటివైపు నీడ కల్పించడం తెలివైన పని.

మధ్య అంతస్తు గదికి "ఎందుకైనా మంచిది" అని ఒకటిన్నర టన్నులది పెడితే ఏమవుతుంది? వేగం మార్చుకోలేని పాత రకం యంత్రమైతే గంటలో 20 నిమిషాలు నడిస్తే చాలు. కొద్ది నిమిషాలు తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. ఇక్కడే నీరు మోసం చేస్తుంది. కంప్రెసర్ మొదలైన వెంటనే గదిలోని యూనిట్ లోపల గాలిని చల్లార్చే రేకుల మీద ఆవిరి చుక్కలుగా పేరుకుంటుంది, కానీ గొట్టం దాకా చేరదు. రేకులు తడిసి, నిండి, జారడానికి సమయం కావాలి. అది జరిగేలోపే గది చల్లబడింది కదా అని కంప్రెసర్ ఆగిపోతుంది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది. తడి రేకుల మీదుగా వీచే గాలి ఆ నీటిని మళ్లీ ఆవిరి చేసి గదిలోకే తెస్తుంది. కరెంటు ఖర్చుపెట్టి పిండిన నీరు తిరిగి మన ఒంటి మీదికే వస్తుంది. అంకె 24 చూపిస్తున్నా దుప్పటి చెమ్మగా అనిపించేది ఇందువల్లనే. అప్పుడు మనం చేసేది అంకెను 22కు దించడం. ఇన్వర్టర్ యంత్రాలు వేగం తగ్గించుకుని ఆగకుండా నడుస్తాయి కాబట్టి ఈ బెడద తక్కువ. అయితే వాటికీ ఒక కింది హద్దు ఉంటుంది. మరీ పెద్దది కొంటే అవీ ఆగి ఆగి నడవాల్సిందే.

కరెంటు లెక్క ఇప్పుడు సులువు. ఒక యూనిట్ కరెంటుతో యంత్రం ఎన్ని యూనిట్ల వేడిని బయటికి తోస్తుందో ఆ నిష్పత్తిని సీఓపీ అంటారు. లోపలి రేకులు 10 డిగ్రీల దగ్గర, బయటి రేకులు 50 దగ్గర ఉంటే, ప్రకృతి ఒప్పుకునే గరిష్ఠ హద్దు, 283ను (10 డిగ్రీలను కెల్విన్లలో చెబితే వచ్చే అంకె) రెండింటి మధ్య తేడా అయిన 40తో భాగించగా వచ్చే 7. నిజమైన యంత్రం అందులో సగం అందుకుంటే మెచ్చుకోవచ్చు, అంటే 3.5. బయటి యూనిట్‌ను గాలి ఆడని మూలలో ఇరికించి దాని రేకులను 60 దాకా వేడెక్కనిస్తే హద్దే 5.7కు దిగుతుంది. దాదాపు ఐదో వంతు నష్టం. కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టినవారే బిగించేటప్పుడు ఈ సంగతి మరిచిపోతారు.

3.5తో భాగిస్తే పై అంతస్తు గదికి మండే వేళ గంటకు 0.94 యూనిట్లు, మధ్య అంతస్తుకు 0.51. రాత్రి భారం తగ్గుతుంది. కప్పు వేడి ఆలస్యంగా దిగుతుంది కాబట్టి పై గదికి ముప్పావు వంతు, మధ్య గదికి 60 శాతం అనుకుందాం. రోజుకు 8 గంటల చొప్పున 30 రోజులకు పై గది దాదాపు 170 యూనిట్లు, మధ్య గది 75 లోపు.

నా అంకెలను నమ్మనక్కరలేదు, మీటరునే అడగండి. ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ ఆపి, ఏసీ ఒక్కటే నడిపి, మీటరు మీద మెరిసే చిన్న ఎర్ర దీపాన్ని చూడండి. యూనిట్‌కు ఎన్ని మెరుపులో దాని పక్కనే ముద్రించి ఉంటుంది. 3,200 అని ఉండి, నిమిషానికి 48 మెరుపులు లెక్కకు వస్తే, గంటకు 2,880. అంటే ఆ క్షణాన వాడకం 0.9 కిలోవాట్లు. ఇన్వర్టర్ యంత్రమైతే మొదలుపెట్టిన పది నిమిషాలకు ఒకసారి, రెండు గంటల తరువాత మరోసారి చూస్తే తేడా తెలుస్తుంది. డబ్బు లెక్కకు వచ్చేసరికి, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబులున్న చోట, బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి వచ్చే సగటు ధరను వాడకండి. ఏసీ యూనిట్లు మిగతా ఇంటి వాడకం మీద అదనంగా చేరేవి. అవి ఏ శ్లాబులో పడతాయో, అంటే మీ బిల్లులో అన్నిటికన్నా పై ధర ఏదో, దానితోనే 170ని గుణించండి.