పాట కట్టాలనుకునే పిల్లలకు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పాటలు రాయాలన్న కోరిక మీలో కొందరికి గట్టిగా ఉందని, అయితే దేని గురించి రాయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతున్నారని మీ ఉత్తరాల వల్ల తెలిసింది. ఈ ప్రశ్నకు నేను చూపగలిగిన మంచి సమాధానం అమెరికాలో ఉంది. అక్కడి టెనెసీ రాష్ట్రంలో, స్మోకీ కొండల మధ్య 1946లో పుట్టిన డాలీ పార్టన్ తన పాటలను ఎలా రాసిందో, ఎలా రికార్డు చేసిందో, వాటిని ఎలా కాపాడుకుందో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమె పాడేది కంట్రీ సంగీతం. అక్కడి పల్లెల్లో, కొండల్లో, పొలాల్లో పనిచేసుకునే జనం మధ్య పుట్టిన పాట అది. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి వలస వచ్చినవారు తెచ్చుకున్న కథాగేయాలు, చర్చి కీర్తనలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకురాబడినవారు తమతో తెచ్చిన బాంజో అనే తంతివాద్య సంప్రదాయం, ఇవన్నీ కలిసి ఆ సంగీతం తయారైంది.

డాలీ పన్నెండు మంది సంతానంలో నాలుగవది. తండ్రి రైతు, చదవడం రాయడం రానివాడు; ఆమె పుట్టినప్పుడు వైద్యుడికి రుసుముగా ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చాడట. తల్లి పాతకాలపు కథాగేయాలు పాడేది, తాతయ్య చర్చిలో బోధకుడు. ఆ ఇంట్లో పాట అంటే ప్రత్యేకంగా నేర్చుకునే విద్య కాదు, పనిలోనూ ప్రార్థనలోనూ రోజూ వినబడేది. ఇంకా రాయడం సరిగా రాని వయసులోనే డాలీ తన మొక్కజొన్న కండె బొమ్మ మీద ఒక పాట కట్టిందని, తల్లి దానిని కాగితం మీద రాసి ఉంచిందని ఆమె చెప్పుకుంటుంది. ఈ చిన్న సంగతిని గమనించండి. ఆ పసిపిల్ల ప్రేమ గురించో ఆకాశం గురించో పాడలేదు, చేతిలో ఉన్న బొమ్మ గురించి పాడింది. తర్వాతి కాలంలో ఆమె రాసిన గొప్ప పాటల్లో కూడా మొదట కనబడేది ఇటువంటి ఒక వస్తువో, ఒక పేరో, ఒక చప్పుడో.

ఆమె అన్నిటికంటే ఇష్టంగా చెప్పుకునే పాట ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’. చిన్నప్పుడు ఎవరో ఇచ్చిన గుడ్డపీలికలను కుట్టి తల్లి ఆమెకు ఒక కోటు తయారుచేసింది. కుడుతూ కుడుతూ బైబిల్లోని యోసేపు రంగురంగుల అంగీ కథ చెప్పింది. గర్వంగా ఆ కోటు తొడుక్కుని బడికి వెళ్ళిన పిల్లను తోటి పిల్లలు ఎగతాళి చేశారు. పాట అంతా ఇంతే. 1969లో, పోర్టర్ వాగనర్ అనే కంట్రీ గాయకుడి బృందంతో ఊరూరా తిరుగుతున్న బస్సులో ఈ పాట మనసులో మెదిలినప్పుడు దగ్గర కాగితం లేక, వాగనర్ దుస్తులు ఉతికించిన లాండ్రీ రసీదు మీద రాసుకుంది. పాట 1971లో విడుదలైంది. నలభై ఏళ్ళ తర్వాత, 2011లో, అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డును భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది.

ఈ పాటలో రచయిత్రి చేసిన పనిని కొంచెం నిదానంగా చూద్దాం. తమ దగ్గర డబ్బు లేదని ఆమె ఒప్పుకుంటుంది, కానీ వినేవాళ్ళను జాలి అడగదు. పేదరికం అన్నది ఆ పాటలో ఒక భావంగా రాదు. గుడ్డపీలికల పెట్టెగా, చిల్లులు పడిన బూట్లుగా వస్తుంది. తల్లి ప్రేమ కూడా అలాగే, సూదీ దారంతో కుడుతూ చెప్పిన కథగా వస్తుంది. మనలో చాలామంది మొదటి పాట రాసేటప్పుడు వెన్నెల, విరహం, కన్నీరు అన్న మాటల దగ్గర మొదలుపెడతారు. ఆ మాటలు చెడ్డవి కావు గానీ అవి అందరివీ, వాటిలో మన ఇల్లు కనబడదు. బాధగా ఉందని చెప్పిన పాటను మనం విని ఊరుకుంటాం. పిల్లలు నవ్విన ఆ కోటును చూపించిన పాటలో మాత్రం బాధ ఎక్కడుందో మనమే వెతికి పట్టుకుంటాం, అందుకే అది మనదవుతుంది. కంట్రీ పాట రాయడానికి మూడు కార్డులూ (గిటార్ మీద మోగించే స్వరాల కూటములు) నిజమూ చాలునని, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు పాటల రచయిత హార్లన్ హోవర్డ్ అన్న మాటగా ప్రసిద్ధి. నిజం అంటే జరిగినది జరిగినట్టు చెప్పడం మాత్రమే కాదని, దానిని చూసిన కళ్ళతోనే చూపించడమని నేను అర్థం చేసుకున్నాను.

నిజం చెప్పడానికి కల్పన అడ్డు కాదనడానికి 1973లో రికార్డయిన ‘జోలీన్’ సాక్ష్యం. ఒక కచేరీ తర్వాత సంతకం కోసం వచ్చిన ఎర్రజుట్టు చిన్నపిల్ల పేరు జోలీన్. ఆ పేరు డాలీకి ఎంత నచ్చిందంటే, మరచిపోకుండా ఉండడానికి బస్సు దాకా దానినే పదే పదే పాడుకుంటూ వెళ్ళిందట. పాటలోని కథ మాత్రం వేరే చోటి నుంచి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో, బ్యాంకులో పనిచేసే ఒక ఎర్రజుట్టు అమ్మాయి తన భర్త మీద కాస్త ఎక్కువ శ్రద్ధ చూపడం డాలీ గమనించింది. ఒకరి పేరు, మరొకరి కథ కలిసి పాట అయింది. ఇందులో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఆ పాటలోని స్వరం. భర్తను కోల్పోతానన్న భయంలో ఉన్న స్త్రీ ఎదుటి స్త్రీని ఒక్క మాట కూడా అనదు. ఆమె జుట్టును, కళ్ళను, గొంతును మెచ్చుకుంటుంది, తన భర్త నిద్రలో నీ పేరు పలుకుతున్నాడని ఆమెకే చెప్పుకుంటుంది, అతన్ని తీసుకుపోవద్దని బతిమాలుతుంది. జోలీన్ ఏం జవాబిచ్చిందో పాట ముగిసినా మనకు తెలియదు. ఆ జవాబు చెప్పకపోవడం వల్లనే ఇన్నేళ్ళుగా ఆ పాటను మళ్ళీ మళ్ళీ వింటున్నారని నా నమ్మకం.

కట్టుబడి విషయంలోనూ ఈ పాటలో మీరు గమనించవలసినది ఒకటి ఉంది. మన తెలుగు పాట సాధారణంగా పల్లవితో మొదలై చరణాలకు వెళ్ళి తిరిగి పల్లవికి వస్తుంది. కంట్రీ పాటల్లో ఎక్కువ భాగం చరణంతో, అంటే కథతో మొదలవుతాయి. కథ కొంత నడిచిన తర్వాత పల్లవి వస్తుంది, ప్రతి చరణం తర్వాత అదే పల్లవి వచ్చినా కథ ముందుకు జరిగి ఉంటుంది కనుక దానికి కొత్త బరువు చేరుతుంది. ‘జోలీన్’ అందుకు భిన్నంగా, మన పాటలాగానే పల్లవితో మొదలవుతుంది. ఆ పల్లవి ఎత్తుగడే ఆ పేరును నాలుగుసార్లు పిలవడం. వేడుకోవడానికి వచ్చిన మనిషి ముందు పేరు పెట్టి పిలుస్తుంది కదా, అందువల్ల ఆ ఎత్తుగడ అక్కడ సహజంగా కుదిరింది. రూపాన్ని ముందే ఖాయం చేసుకోకుండా, పాటలోని మనిషి ఏ స్థితిలో ఉందో దానిని బట్టి ఎంచుకోవాలి.

ఇక సంగీతం తయారయ్యే విధానం. కార్డు అంటే గిటార్ మీద ఒకేసారి మోగించే కొన్ని స్వరాల కూటమి. నాష్‌విల్ స్టూడియోలలో వాద్యకారులు కార్డులను అక్షరాలతో కాక 1, 4, 5 అంటూ అంకెలతో రాసుకుంటారు. 1950ల చివర జోర్డనేర్స్ అనే గాయకబృందంలోని నీల్ మాథ్యూస్ ఈ పద్ధతిని మొదలుపెట్టగా, చార్లీ మెకాయ్ వంటి వాద్యకారులు దానిని వ్యాప్తిలోకి తెచ్చారు. సంగీతం నేర్చుకుంటున్న మీకు ఇది కష్టం కాదు. షడ్జమం మీద నిలిచేది 1, మధ్యమం మీద నిలిచేది 4, పంచమం మీద నిలిచేది 5. మన దగ్గర గాయకుల శ్రుతిని బట్టి ‘స’ స్థానం మారినట్టే అక్కడ 1 కూడా మారుతుంది. కాబట్టి గాయని శ్రుతి కొంచెం తగ్గించమన్నా కాగితం మార్చవలసిన పని లేదు. మూడు గంటల సెషన్‌లో రెండు మూడు పాటలు పూర్తిచేయగల వేగం ఆ వాద్యకారులకు ఉండడానికి ఈ అంకెలు కూడా ఒక కారణం. అయితే ఆ వేగం రచయితది కాదు. తాను మూడువేల వరకు పాటలు రాసి ఉంటానని డాలీ చెబుతుంది. వాటిలో రికార్డయినవి కొన్ని వందలు మాత్రమే. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి పనిచేయడం తనకు అలవాటని కూడా ఆమె ఎన్నో ఇంటర్వ్యూలలో చెప్పింది.

వాయిద్యం లేకపోవడం ఆమెను ఎప్పుడూ ఆపలేదు. 1980లో ‘నైన్ టు ఫైవ్’ సినిమా చిత్రీకరణ సమయంలో, తన పొడవాటి గోళ్ళను ఒకదానితో ఒకటి రాస్తే టైప్‌రైటర్ చప్పుడు వస్తోందని గమనించి, ఆ లయ మీదనే అదే పేరుతో పాట కట్టింది. రికార్డులో ఆ గోళ్ళ చప్పుడు నిజంగానే వినబడుతుంది. ఆఫీసుల్లో పనిచేసే స్త్రీల కథకు అంతకంటే తగిన తాళం మరొకటి దొరకదు.

చివరిగా చెప్పవలసినది, పాటలు రాసేవాళ్ళు ఆలస్యంగా తెలుసుకునే విషయం. 1967 నుంచి డాలీ పోర్టర్ వాగనర్ టెలివిజన్ కార్యక్రమంలో పాడుతూ ఉండేది. విడిగా తన దారి చూసుకోవాలని ఆమె అనుకున్నప్పుడు ఆయన ఒప్పుకోలేదు. వాదించి ప్రయోజనం లేదని గ్రహించి, ఆమె ఇంటికి వెళ్ళి ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ రాసి, మర్నాడు ఆయన గదిలో కూర్చుని పాడి వినిపించింది. కృతజ్ఞత, వీడ్కోలు రెండూ ఉన్న ఆ పాట 1974లో కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ తర్వాత ప్రఖ్యాత రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ దానిని పాడతానన్నాడు. ఆమె సంతోషానికి అంతు లేదు. కానీ రికార్డింగ్ ముందు రోజు ఆయన మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్, పాట ప్రచురణ హక్కుల్లో సగం ఇస్తేనే ఎల్విస్ పాడతాడని చెప్పాడు. అప్పటికే తన పాటల హక్కులను సొంత ప్రచురణ సంస్థ ద్వారా తన దగ్గరే ఉంచుకున్న డాలీ ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చానని కూడా ఆమె చెప్పుకుంది. 1992లో విట్నీ హ్యూస్టన్ అనే గాయని అదే పాటను పాడినప్పుడు అది అమెరికా పాటల జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది, రచయిత్రికి రావలసినదంతా ఆమెకే వచ్చింది. తండ్రికి చదువు రాలేదన్న బాధతో 1995లో ఆమె ప్రారంభించిన ఇమాజినేషన్ లైబ్రరీ, పుట్టినప్పటి నుంచి ఐదేళ్ళ వరకు పిల్లలకు నెలకొక పుస్తకం ఉచితంగా పంపుతూ ఉంది. పాటల మీద హక్కు తన చేతిలో ఉన్న రచయిత్రి కనుకనే ఆమె అటువంటి పనులు తలపెట్టగలిగిందని నేను అనుకుంటాను. మీరు రాసిన పాటను ఎవరికైనా ఇచ్చేటప్పుడు, ఏమి ఇస్తున్నారో, ఏమి ఉంచుకుంటున్నారో కాగితం మీద చదివి తెలుసుకున్న తర్వాతే సంతకం చేయండి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఒకటి ఉంది. ముందుగా ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ పాటకు డాలీ 1974లో విడుదల చేసిన రికార్డు వినండి. అందులో ఒక చరణాన్ని ఆమె పాడకుండా మామూలుగా మాట్లాడినట్టు చెబుతుంది. కంట్రీ పాటల్లో ఇది పాత అలవాటు. తర్వాత అదే పాట విట్నీ రికార్డు వినండి. అది వాద్యాలేవీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలవుతుంది. మాటలు అవే అయినా ఒకటి గదిలో ఎదురుగా కూర్చున్న ఒక మనిషికి చెప్పినట్టు, మరొకటి లోకమంతటికీ చాటినట్టు ఉంటాయి. ఈ తేడా ఏ మాట దగ్గర, ఏ విరామం దగ్గర వచ్చిందో గుర్తించి నాకు రాయండి. దానితోపాటు మీ ఇంట్లోని ఒక వస్తువును తీసుకుని, ‘ప్రేమ’, ‘బాధ’ అన్న మాటలు వాడకుండా ఒక చరణం రాసి పంపండి. పల్లవి సంగతి తర్వాత చూసుకుందాం.

ఇట్లు,
మీ మేలు కోరే
తాతయ్య