లివర్ రోగికి పప్పు పెట్టొద్దని మొదట అన్నదెవరు?

మా బాబాయిది సూళ్లూరుపేట. అక్కడ లోకల్ రైలెక్కితే నేరుగా చెన్నై మూర్‌మార్కెట్ స్టేషన్‌లో దిగొచ్చు కాబట్టి, ఆ చుట్టుపక్కల ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందు చెన్నైకే వస్తారు. పోయినేడాది బాబాయికి సిర్రోసిస్ అని, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయే జబ్బని తేలింది. పొట్టలో నీరు చేరి, ఒకరోజు మనుషుల్ని కూడా గుర్తుపట్టనంతగా మైకం కమ్మితే ఇక్కడే ఒక ఆస్పత్రిలో చేర్చాం. డిశ్చార్జి రోజు డైటీషియన్ వచ్చి రోజుకి రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పాలు, పెరుగు, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి తిండి అని చెప్పి, సగం తమిళంలో సగం ఇంగ్లిష్‌లో ఉన్న కాగితం చేతిలో పెట్టింది. మా పిన్ని ఆ కాగితాన్ని మడిచి సంచిలో వేసుకుని, నన్ను పక్కకి పిలిచి మెల్లగా అంది: "ఆ పిల్లకి తెలవదేమో అబ్బయా. లివర్ చెడిపోయినోడికి పప్పు ఎవరన్నా పెడతారా?"

పిన్ని అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఆమె అన్నయ్యకీ ఇదే జబ్బు. చాలా ఏళ్ల కిందట వేరే ఊళ్లో వేరే డాక్టరు, పప్పు వద్దు, గుడ్డు వద్దు, మాంసం మాట ఎత్తొద్దు అని గట్టిగా చెప్పి పంపాడు. వాళ్లు అక్షరం పొల్లుపోకుండా పాటించారు. గంజి, బార్లీ నీళ్లు, గ్లూకోజు, చప్పిడి మజ్జిగన్నం. పొట్ట ఉబ్బే ఉంది కానీ చేతులు, కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. అంటే రెండు మాటలూ చెప్పింది డాక్టర్లే. మరి ఎవరి మాట నమ్మాలి? నాకు ఈ తిక్క పట్టుకుని చదవడం మొదలుపెడితే కథ ఎక్కడో రష్యాలో, కుక్కల దగ్గర తేలింది.

1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నికొలాయ్ ఎక్ అనే సైనిక సర్జన్ ఒక ఆపరేషన్ చేశాడు. మనం తిన్నదాన్ని మోసుకుంటూ పేగుల నుంచి వచ్చే రక్తం మామూలుగా ముందు లివర్‌లోకి వెళ్తుంది. ఆయన కుక్కల్లో ఆ రక్తం లివర్‌లోకి పోకుండా పక్కదారి పట్టించి నేరుగా పెద్ద సిరలోకి కలిపాడు. ఎనిమిది కుక్కల్లో ఏడు వారంలోపే చచ్చిపోయాయి. ఎనిమిదోది రెండున్నర నెలలు బతికి, ఆ తర్వాత పారిపోయింది! (దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.) పదహారేళ్ల తర్వాత, 1893లో అదే ఊళ్లో ఇంకో బృందం ఈ ఆపరేషన్‌నే మళ్లీ చేసింది. అందులో ఇవాన్ పావ్లోవ్ ఉన్నాడు, గంట కొడితే కుక్క నోట్లో నీళ్లూరే కథలో ఉన్న పావ్లోవే. ఆపరేషన్ అయిన కుక్కలకి మాంసం పెడితే అవి పిచ్చెక్కినట్టు చిరాకుపడటం, తూలటం, ఫిట్స్ రావటం, చివరికి కోమాలోకి పోవటం వాళ్లు చూశారు. పేగుల్లో ప్రొటీన్ విరిగి అమ్మోనియా తయారవుతుంది, లివర్ దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపుతుంది, ఆ లివర్‌ని తప్పించేస్తే అమ్మోనియా మెదడుకెక్కుతుంది. ఇప్పటికీ డాక్టర్లు మనకి ఇలాగే చెబుతారు, అందులో తప్పేమీ లేదు. తప్పంతా దాన్నుంచి తిండి మీద తీసుకున్న నిర్ణయంలో ఉంది.

అసలు విచిత్రమేమిటంటే, మనుషుల్లో మొదట పనిచేసిన వైద్యం తిండి తగ్గించడం కాదు, బాగా పెట్టడం. సిర్రోసిస్ అనే పేరు 1819లో ఫ్రెంచ్ డాక్టర్ లెనెక్ పెట్టాడు, గ్రీకులో పసుపుపచ్చ గోధుమరంగు అని అర్థమొచ్చే మాట నుంచి. పేరైతే వచ్చింది గానీ ఆ తర్వాత వందేళ్లకి పైగా చెప్పుకోదగ్గ మందేమీ రాలేదు. 1941లో న్యూయార్క్‌లో ఆర్థర్ పాటెక్, జోసెఫ్ పోస్ట్ కలిసి సిర్రోసిస్ రోగులకి పాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు, వాటితోపాటు బి విటమిన్లు దండిగా పెట్టి చూశారు. చాలామందికి పొట్టలో నీరు తగ్గింది, మునుపటి రోగులకంటే ఎక్కువ కాలం బతికారు. ఇప్పటి లెక్కల్లో అది పక్కా ట్రయల్ కాదు, పాత కేసులతో పోల్చి చెప్పినదే. అయినా దారి సరైనదే.

ఆ దారి పదేళ్లలో మళ్లీ మూసుకుపోయింది. 1952లో బోస్టన్ డాక్టర్లు కొందరు, సిర్రోసిస్ ఉన్నవాళ్లకి అమ్మోనియా లవణాలు, ప్రొటీన్ ఎక్కువ ఉన్న తిండి ఇస్తే కొందరికి కోమా ముందు వచ్చే లక్షణాలు కనిపిస్తున్నాయని రాశారు. 1954లో లండన్‌లో షీలా షెర్లాక్ బృందం ఈ మైకాన్ని వివరంగా వర్ణించి, ప్రొటీన్ తగ్గిస్తే, పేగుల్లో బ్యాక్టీరియాని చంపే మందులిస్తే మనిషి తేరుకుంటున్నాడని చూపించింది. షెర్లాక్ చిన్నాచితకా మనిషి కాదు, లివర్ వైద్యం అనే శాఖనే నిలబెట్టిన వాళ్లలో ఒకరు, 1959లో బ్రిటన్‌లో మెడిసిన్ ప్రొఫెసర్ అయిన మొదటి మహిళ. ఆమె పుస్తకం చదివి తరాల డాక్టర్లు తయారయ్యారు, మన దేశంలోనూ. అలా, మైకంలో ఉన్న రోగికి కొన్నాళ్లపాటు ఇవ్వాల్సిన సలహా కాస్తా సిర్రోసిస్ ఉన్న ప్రతివాడికీ జీవితాంతం పాటించాల్సిన పత్యమైపోయింది. దాన్ని ఎవరూ సరిగ్గా పరీక్షించలేదు. యాభై ఏళ్లు!

ఈలోగా ఇంకో సంగతి బయటపడింది. అమ్మోనియాని ఒడిసిపట్టేది లివర్ ఒక్కటే కాదు, మన ఒంట్లో కండ కూడా ఆ పని చేస్తుంది. లివర్ చతికిలపడ్డాక మిగిలిన ఆసరా కండే. ప్రొటీన్ ఆపేస్తే ఒళ్లు ఆ కండనే కరిగించి వాడుకుంటుంది, దాంతో అమ్మోనియాని పట్టే చోటు ఇంకా తగ్గుతుంది. మైకం రాకుండా పెట్టిన పత్యమే మైకానికి దారి వేస్తుందన్నమాట. మా పిన్ని వాళ్ల అన్నయ్య చేతులు గుర్తొచ్చి ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

చివరికి 2004లో బార్సిలోనాలో కోర్డోబా అనే డాక్టర్ బృందం ఆ పరీక్ష చేసింది. మైకంతో ఆస్పత్రిలో చేరిన 30 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పాత పద్ధతిలో మొదటి మూడు రోజులు ప్రొటీన్ సున్నా, తర్వాత కొంచెం కొంచెంగా పెంచుతూ పోయారు. రెండో జట్టుకి మొదటి రోజు నుంచే కిలో బరువుకి 1.2 గ్రాములు. మైకం తగ్గడంలో రెండు జట్లకీ తేడా రాలేదు. తేడా వచ్చిందల్లా ఒంట్లో ప్రొటీన్ కరగడంలో, అది ప్రొటీన్ ఆపిన జట్టులోనే ఎక్కువ. చిన్న ట్రయలే, 30 మందే. కానీ అర్ధ శతాబ్దపు పత్యాన్ని కదిలించడానికి అది చాలింది.

ఇక రాత్రి తిండి సంగతి. పిన్నికి అన్నిటికన్నా వింతగా అనిపించింది ఇదే, "పడుకునే ముందు తింటే అరుగుతుందా" అని. మామూలు మనిషి రాత్రంతా తినకపోయినా లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వతో తెల్లవార్లూ గడిచిపోతుంది. సిర్రోసిస్ వచ్చిన లివర్‌లో ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. ఒక్క రాత్రి ఉపవాసం వాళ్లకి, మనం రెండు మూడు రోజులు పస్తున్నదానితో సమానమని 1983లోనే అమెరికాలో ఓవెన్ అనే పరిశోధకుడి బృందం కొలిచి చూపింది. మన ఇళ్లలో ఏడున్నరకి తినేసి పొద్దున ఎనిమిదిన్నరకి టిఫిన్ అంటే పదమూడు గంటలు, లెక్కేసుకోండి. 1989లో నెదర్లాండ్స్ వాళ్లు రాత్రి పొద్దుపోయాక ఒక పూట పెడితే ఒంట్లో ప్రొటీన్ నిలుస్తోందని చెప్పారు. 2008లో న్యూజిలాండ్‌లో ఆక్లండ్ బృందం 103 మందికి ఏడాదిపాటు రోజూ 710 కేలరీల పోషకాహారం అదనంగా ఇచ్చింది, సగం మందికి పగలు, సగం మందికి రాత్రి. అదే తిండి, అన్నే కేలరీలు. పగలు తిన్నవాళ్లలో పెద్దగా మార్పు లేదు, రాత్రి తిన్నవాళ్లకి దాదాపు రెండు కిలోల కండ పట్టింది.

ఇవన్నీ తెల్లవాళ్ల తిండి మీద చేసినవి, పప్పన్నం తినే మనకి ఎలా వర్తిస్తాయి అని అడగొచ్చు, నేనూ అడిగాను. దానికి జవాబు ఢిల్లీలో దొరికింది. అక్కడి జి.బి. పంత్ ఆస్పత్రి డాక్టర్లు 2016లో ప్రచురించిన ట్రయల్‌లో 120 మందిని తీసుకున్నారు. వీళ్లది పైకి కనపడని మైకం, పరీక్షలు పెడితేనే తెలిసే రకం. సగం మందికి ఆరు నెలలు కిలో బరువుకి 30 నుంచి 35 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, అదీ శాకాహారం నుంచి. మిగతావాళ్లు ఎప్పటి తిండి తిన్నారు. మొదటి జట్టులో 71 శాతం మందికి ఆ మైకం పోయింది, రెండో జట్టులో 23 శాతానికే. అంటే పిన్ని భయపడ్డ పప్పే పని చేసింది.

అదే ఆస్పత్రి నుంచి 2009లో లాక్టులోజ్ అనే సిరప్ మీద ఇంకో ట్రయల్ వచ్చింది. మైకం ఒకసారి వచ్చి తగ్గినవాళ్లలో, ఆ సిరప్ రోజూ తాగినవాళ్లకి మళ్లీ వచ్చింది దాదాపు 20 శాతం మందికి, తాగనివాళ్లకి 47 శాతం మందికి. లాక్టులోజ్ ఈ మైకానికి 1966 నుంచీ వాడుతున్న పాత మందే, తియ్యగా పాకంలా ఉంటుంది, రోజుకి రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం అయ్యేలా సరిచూసుకుంటూ తాగాలి. బాబాయి లోకల్ రైల్లో ప్రయాణం ఉందంటే దాన్ని ఎగ్గొట్టేవాడు. ఎందుకో చెప్పక్కర్లేదు కదా.

పత్యంతోపాటు పసరు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనవైపు రెండూ జంటగా వస్తాయి. కామెర్లకి పసరు తాగి, ఉప్పూ నూనే పప్పూ మానేస్తే నయమవుతుందని నమ్మకం. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకీ పత్యానికీ పోతుంది. ఆ పసరులో వాడే నేల ఉసిరిని తమిళులు కీళానెల్లి అంటారు. దాని మీద ఇదే చెన్నైలో పెద్ద పరిశోధన జరిగింది. హెపటైటిస్ బి వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్, ఇక్కడి శాస్త్రవేత్త త్యాగరాజన్ తదితరులు కలిసి 1988లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో రాశారు: నేల ఉసిరి పొడి తిన్న 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని, ఉత్తుత్తి మాత్ర తిన్న 23 మందిలో ఒక్కరికేనని. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. కానీ థాయ్‌లాండ్‌లోనూ ఇంకా కొన్ని చోట్లా మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 1988 కబురు ఊళ్లదాకా చేరింది, తర్వాతి కబురు చేరలేదు. మాకు తెలిసినాయన ఒకరు ఇప్పటికీ బాబాయికి సీసాలో పసరు పంపుతూనే ఉన్నాడు. అసలే పాడైన లివర్ మీద, అందులో ఏమేం నూరి కలిపారో తెలియని మందు పోయడమంటే నాకైతే గుండె దడ.

ఇప్పుడు యూరప్ మార్గదర్శకాలైనా, మన దేశంలో లివర్ డాక్టర్ల సంఘం 2021లో ఇచ్చినవైనా ఒకటే మాట: సిర్రోసిస్ ఉన్న మనిషికి కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డుకి ఆరు గ్రాములే, కాబట్టి అది నింపడం మాటలు కాదు. పొట్టలో నీరున్నప్పుడు ఆ బరువు కలిపి లెక్కేయకూడదు, కిడ్నీ తేడాగా ఉన్నా, మైకం పూర్తిగా ముదిరినా లెక్క డాక్టరే చూడాలి.

ఉప్పు విషయంలో మాత్రం పాత మాట సగం నిలబడింది. పొట్టలో నీరుంటే తగ్గించాల్సిందే, కానీ యూరప్ లెక్క ప్రకారం రోజుకి 4.6 నుంచి 6.9 గ్రాముల దాకా ఉండొచ్చు. మరీ చప్పిడి చేస్తే మనిషి ముద్ద మింగడు, అదింకో నష్టం. ఈ అంకె చెప్పగానే పిన్ని మొహం వెలిగింది, "అయితే ఆవకాయ ముక్క ఒకటి వెయ్యొచ్చా" అంది. ముక్క కాదు పిన్నీ, ఊరగాయ, అప్పడం, వడియం ముట్టకుండా కూరలో కొంచెం వేస్తేనే ఆ అంకె అన్నాను. బాబాయి అటు తిరిగి పడుకున్నాడు. పది గంటలకి లేపి రెండు పెసరట్లు, గ్లాసు పాలు ఇస్తే మాత్రం మాట్లాడకుండా తిన్నాడు.